వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లకు కంప్యూటర్ లెక్కలు నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నర్సింగ్ ఎడ్యుకేటర్, విజయవాడ

అందరికీ నమస్కారం. మాది 300 పడకల ప్రైవేటు ఆసుపత్రి. రెండేళ్లుగా మందుల చార్టులు, ఇండెంట్లు (స్టోరు నుంచి సామాను కోరే చీటీలు), నర్సింగ్ నోట్సు అన్నీ కంప్యూటర్‌లోనే రాస్తున్నాం. స్టాఫ్ నర్సులు త్వరగానే అలవాటుపడ్డారు. ఇబ్బంది వార్డు ఇన్‌ఛార్జిలతో వచ్చింది. వారిలో ఎక్కువమంది జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) చదివి, ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేసినవారు. యాజమాన్యం రెండు రోజుల శిక్షణ పెట్టించింది గానీ, సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చినాయన తెర మీద ఒక్కొక్క పేజీ చూపిస్తూ పోయారు, అంతే.

రెండు వారాల తర్వాత మేల్ మెడికల్ వార్డుకు వెళ్లి చూస్తే, ఇన్‌ఛార్జి సిస్టర్ డ్యాష్‌బోర్డు (వార్డు అంకెలన్నీ ఒకచోట చూపే తెర) ప్రింటు తీసి ఫైల్లో పెట్టి, పక్కనే తన పాత రిజిస్టరులో విడిగా లెక్క రాసుకుంటున్నారు. రెండూ కలవడం లేదు. అడిగితే, “అది వాళ్ల లెక్క, ఇది నా లెక్క మేడమ్” అన్నారు.

ఇప్పుడు నాకు మూడు నెలల పాటు వారానికి ఒక గంట ఇచ్చారు. ఇంత తక్కువ సమయంలో ఏది నేర్పాలి, ఏది వదిలేయాలి?

సమాధానం: ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, హైదరాబాద్

మేడమ్, ఆ రిజిస్టరును దయచేసి మాన్పించకండి. మీ మొదటి పాఠం అందులోనే ఉంది. ఒకే రోజు తీసుకుని, రిజిస్టరునూ తెరనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ వచ్చిందో ఆ సిస్టరు చేతనే వెతికించండి. మా దగ్గర అలా వెతికితే తేలిందేమిటంటే, రోగి సాయంత్రం ఐదింటికే ఇంటికి వెళ్లిపోయినా, ఇన్సూరెన్సు అనుమతి వచ్చి బిల్లు ముగిసేదాకా సిస్టమ్‌లో ఆ మంచం ఖాళీ కాదు. అర్ధరాత్రి సెన్సస్‌లో (ఆ వేళకు వార్డులో ఎంతమంది రోగులున్నారన్న లెక్కలో) ఆయన ఇంకా వార్డులోనే ఉన్నట్టు లెక్కకొస్తారు. సిస్టరు రాసిన లెక్క తప్పు కాదు, కంప్యూటరూ తప్పు చెప్పలేదు; ఒకరు మనిషిని లెక్కపెట్టారు, మరొకటి బిల్లును లెక్కపెట్టింది. ఈ సంగతి తనంతట తాను కనిపెట్టిన ఇన్‌ఛార్జి ఆ తర్వాత ఏ నివేదిక వచ్చినా “ఇందులో దేన్ని లెక్కపెట్టారు?” అని అడుగుతారు. నాలుగు వారాలు దీని మీదే గడిచినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఆ తర్వాత భాగహారం నేర్పండి. నవ్వకండి, అసలు చిక్కు అక్కడే ఉంది. యూరినరీ కాథెటర్ (మూత్రం బయటికి పోవడానికి వేసే గొట్టం) వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్ల రేటును 1000 కాథెటర్ రోజులకు ఇన్ని అని చెబుతాం. చాలామంది ఆ నెలలో ఎంతమందికి కాథెటర్ వేశారో దానితో భాగిస్తారు. భాగించవలసింది రోజులతో: ప్రతిరోజూ ఒకే వేళకు వార్డంతా తిరిగి, ఎంతమందికి కాథెటర్ ఉందో రాసి, నెలాఖరున కూడాలి. తరగతిలో నేను ఇచ్చే ఉదాహరణ ఇది. ఐ.సి.యు.లో 400 కాథెటర్ రోజులకు 3 ఇన్‌ఫెక్షన్లు, జనరల్ వార్డులో 160 రోజులకు 2. ఎక్కడ పరిస్థితి బాగాలేదు అని అడిగితే అందరూ ఐ.సి.యు. అంటారు. లెక్క కడితే ఐ.సి.యు.లో 7.5, వార్డులో 12.5 వస్తుంది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

అయితే అక్కడితో ఆపకూడదు. 160 రోజుల వార్డులో ఒక్క ఇన్‌ఫెక్షన్ అటూ ఇటూ అయితే రేటు 6.25 మారిపోతుంది కనుక, ఒక నెల అంకె చూసి ఆ వార్డు సిస్టర్లను పిలిచి మందలించడం అన్యాయం. కనీసం ఆరు నెలల అంకెలు వరసగా గీతగా గీసి చూడమనండి. ఎక్సెల్ రాకపోతే గ్రాఫు కాగితం మీద గీసినా చాలు.

సమాధానం: ఆసుపత్రి ఐ.టి. విభాగం, విశాఖపట్నం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఇదివరకు నేను పనిచేసిన చోట, ఉదయం 8 గంటల మందులు మధ్యాహ్నం ఒంటిగంటకు ఇచ్చినట్టు నివేదికలో వచ్చింది. పైనుంచి మెమోలు కూడా వచ్చాయి. ఒక ఇన్‌ఛార్జి సిస్టర్ మాత్రం మూడు ఉదయాలు వార్డులో నిలబడి చూశారు. మందులు వేళకే అందుతున్నాయి. కానీ 32 పడకలకు ఉన్నవి రెండే కంప్యూటర్లు, వాటిలో ఒకటి రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ల చేతిలో ఉంటుంది. నర్సులు చేతి మీదో, దూది ప్యాకెట్టు అట్ట మీదో టైము రాసుకుని, డ్యూటీ దిగేముందు అన్నీ ఒకేసారి ఎక్కించేవారు. తెర మీద కనిపించిన వేళ ఎక్కించిన వేళే తప్ప, మందు ఇచ్చిన వేళ కాదు. ఆ మూడు రోజుల కాగితం చూపించాక మరో రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఇన్‌ఛార్జిలకు ఈ విద్య అవసరమయ్యేది ఇలాంటి చోటనే.

ఇంకొక్క మాట. ఇన్‌ఛార్జి పాస్‌వర్డుతో వార్డంతా పనిచేసే అలవాటును మొదటి వారంలోనే ఆపించండి. రేపు ఏదైనా తేడా వస్తే రికార్డులో ఉండేది ఆమె పేరే.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. కీబోర్డు అంటేనే బెదిరే సిస్టర్లు ముగ్గురున్నారు. వారికి జూనియర్ల చేత నేర్పించవచ్చా?

సమాధానం: నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు, తిరుపతి

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బి.ఎస్‌సి. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఆరోగ్య సమాచార సాంకేతికత ఒక ప్రత్యేక విషయంగా ఉంది కాబట్టి, ఆ బ్యాచ్‌ల పిల్లలకు ఇది కొంత తెలిసే ఉంటుంది. కానీ తాను డ్యూటీ వేసే పిల్ల ముందు “నాకు తెలియదు” అనడం ఏ ఇన్‌ఛార్జికైనా కష్టమే. మేము ఒక చిన్న మార్పు చేశాం: మౌస్ జూనియర్ చేతిలో, ప్రశ్న సీనియర్ నోటిలో. “పోయిన నెల రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులు పడిపోయారు, ఏ మంచాల దగ్గర?” అని సిస్టరమ్మ అడుగుతారు, అమ్మాయి వెతికి తీస్తుంది. బాత్‌రూముకు దూరంగా ఉన్న మంచాలేవో సీనియర్‌కే తెలుసు, ఆ సమాధానం తెర మీద దొరకదు.

పరీక్ష పెట్టదలిస్తే బటన్లు ఎక్కడున్నాయని అడగకండి. కావాలని ఒక తప్పు పెట్టిన నివేదిక చేతికిచ్చి, పట్టుకోమనండి.

ప్రశ్న అడిగినవారు:

వచ్చే బుధవారం మేల్ మెడికల్ వార్డు రిజిస్టరుతోనే మొదలుపెడుతున్నాను. ఆ సిస్టరుకు ముందే చెప్పాను. “అయితే మా లెక్క కూడా చూస్తారన్నమాట” అన్నారు.