అంజిరెడ్డి గారి కథ విని ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

కొల్లిపర పసుపు:
అందరికీ నమస్కారం. మాది కొల్లిపర మండలం. రెండెకరాల పసుపు, ఎకరంన్నర కంద. మా అబ్బాయి మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి, ఉద్యోగం మానేసి పసుపు పొడి, పసుపులోంచి కర్క్యుమిన్ (దానికి రంగునిచ్చే పదార్థం) తీసే యూనిట్ పెడతానన్నాడు. నలభై లక్షలు కావాలట. తెనాలిలో మా నాన్నగారు కట్టిన ఇల్లుంది, దాని కాగితాలు బ్యాంకులో పెట్టమంటున్నాడు.

వీడు ఏదో మీటింగ్‌కి వెళ్తే అక్కడ ఒకాయన డాక్టర్ కళ్లం అంజిరెడ్డి గారి జీవితం చెప్పారట. తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు, 1984లో 25 లక్షలతో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ మొదలుపెట్టి 2001కల్లా న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి దాకా తీసుకెళ్లారని. "మనదీ పసుపే, మనదీ కృష్ణ నీళ్లే, నీకు భయమెందుకు నాన్నా" అంటాడు. నాకు జవాబు తోచలేదు. వద్దంటే పిల్లవాడి కాళ్లకి అడ్డం పడ్డట్టు, సరేనంటే మా నాన్నగారి ఇల్లు. వ్యాపారం చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఆటోనగర్ లేత్:
బాబాయ్ గారూ, పెట్టనివ్వండి. నేను పదమూడో ఏట ఆటోనగర్‌లో మా మావయ్య దగ్గర హెల్పర్‌గా చేరాను. సొంతంగా పెట్టిన మొదటి షాపు పార్ట్‌నర్ వల్ల పోయింది. ఆర్డర్ల మీద వచ్చిన అడ్వాన్సులు తీసుకుని ఊరు వదిలేశాడు. లేత్ అమ్మి బాకీలు కట్టాను. చివరికి మిగిలింది చక్ ఒక్కటే, లేత్ మీద ఇనుప ముక్కని బిగించి పట్టే భాగం. గోతాంలో చుట్టి సిటీ బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. రెండో షాపు ఏడాదిన్నర నడిచింది. ఇప్పుడున్నది మూడోది, పదకొండేళ్లయింది. ఆ చక్ ఇప్పటికీ వాడుతున్నాను.

అంజిరెడ్డి గారు కూడా ఒక్క దెబ్బకి గెలవలేదు. 1976లో యూనిలాయిడ్స్ అనే కంపెనీతో మొదలుపెట్టి 1980లో బయటికొచ్చారు. తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, అక్కణ్నుంచి 1984లో బయటికొచ్చారు. 1939లో పుట్టినాయన. నలభై ఐదేళ్ల వయసులో మూడోసారి మొదటికొచ్చి నిలబడ్డారు. మీ వాడికి పాతికేళ్లుంటాయేమో. ఇప్పుడు పడితే లేస్తాడు. నలభై దాటాక పడితే పిల్లల ఫీజులు గుర్తొస్తాయి. నీళ్లలో దిగకుండా ఈత రాదు.

మందుల కెమిస్ట్:
లేత్ అన్నగారు చెప్పిన తేదీలు కరెక్టే, కానీ కథ 1976 నుంచి మొదలుపెట్టారు. దానికి ముందున్నదే అసలు సంగతి. నేను బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు తయారుచేసే) ప్లాంటుల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ. తర్వాత బొంబాయి యూనివర్సిటీ వాళ్ల కెమికల్ టెక్నాలజీ కాలేజీ యూడీసీటీలో మందుల టెక్నాలజీ. ఆ తర్వాత పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో పీహెచ్‌డీ, 1969లో పూర్తయింది. ఆ ఏడాదే హైదరాబాద్ ఐడీపీఎల్‌లో చేరి 1975 దాకా ఉన్నారు. అది ప్రభుత్వ మందుల కంపెనీ. గ్లాసు ఫ్లాస్కులో వచ్చిన రియాక్షన్ వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో ఎందుకు రాదో జీతం తీసుకుంటూ నేర్చుకునే చోటు అది. పీహెచ్‌డీ నుంచి డాక్టర్ రెడ్డీస్ దాకా పదిహేనేళ్లు. మీటింగుల్లో 25 లక్షలని చెబుతారు, ఈ పదిహేనేళ్లు చెప్పరు. ఆ డబ్బు కంటే ఆయన చేతిలో ఉన్న పని ఎన్నో రెట్లు విలువైనది.

ఇంకోటి, కాలం. మన 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకొచ్చింది. మందుకి పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. అంటే విదేశీ కంపెనీ మందుని మీరు వేరే దారిలో తయారుచేయగలిగితే మీ ఇష్టం. మంచి కెమిస్ట్‌కి అంతకంటే ఏం కావాలి? నార్‌ఫ్లాక్సాసిన్ (యాంటీబయోటిక్), ఒమిప్రజోల్ (కడుపులో ఎసిడిటీకి) లాంటివి మన జనానికి తక్కువ ధరలో అందింది ఆ తలుపులోంచే. 2005లో మందుకీ పేటెంట్ వచ్చి ఆ తలుపు మూసుకుంది. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆ తలుపు ఎక్కడుందో ఆయనకి తెలుసు, తోసే బలమూ ఉంది. మీ అబ్బాయికి తన తలుపు ఎక్కడుందో తెలుసా అని అడగండి.

కర్క్యుమిన్ పొడి కొట్టినట్టు కాదండి. ఎసిటోన్ లాంటి సాల్వెంట్‌తో తీస్తారు. వాడిన సాల్వెంట్‌ని మళ్లీ పట్టి వాడుకోవడం రాకపోతే లాభమంతా ఆవిరే. పైగా మంట అంటుకునే సరుకు. కొనేవాళ్లు ప్రతి లాట్‌కీ టెస్ట్ రిపోర్ట్ అడుగుతారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు నేర్చుకోలేడని కాదు. మా అందరి కన్నా బాగా నేర్చుకోవచ్చు. మీ ఇల్లు పెట్టి నేర్చుకోకూడదు, అంతే.

ఆటోనగర్ లేత్:
కెమిస్ట్ గారూ, ఆ చట్టం ఆయనొక్కడి కోసం చేశారా? దేశంలో ఉన్న కెమిస్టులందరికీ అదే చట్టం. ఐడీపీఎల్‌లో ఆయన పక్కన కూర్చుని అదే పని నేర్చుకున్నవాళ్లు వందలమంది ఉండుంటారు. వాళ్లలో ఎక్కువమంది ఎందుకు జీతంతోనే ఆగిపోయారు? చదువూ ఉంది, తలుపూ ఉంది. లేనిది తెగింపు. దాన్ని మీరు లెక్కలోంచి తీసేస్తున్నారు.

తర్వాత కూడా చూడండి. కొత్త మందు కనిపెట్టాలని 1993లో రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. ఎన్ని దెబ్బలు తిన్నా వదిలారా?

మందుల కెమిస్ట్:
మంచి ప్రశ్న. తెగింపు లేదని నేననను. కానీ ఆ దెబ్బల్ని ఎలా తట్టుకున్నారో చూద్దాం.

1997లో షుగర్ వ్యాధి మందు కోసం వాళ్ల ల్యాబ్ కనిపెట్టిన బలాగ్లిటజోన్‌ని డెన్మార్క్ నోవో నార్డిస్క్ తీసుకుంది. సొంత మాలిక్యూల్‌ని ఒక భారతీయ కంపెనీ బయటివాళ్లకి లైసెన్స్‌కివ్వడం అదే మొదటిసారి. మరుసటేడు రాగాగ్లిటజార్. అది చివరి దశ పరీక్షల దాకా వెళ్లింది. 2002లో ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించాయని ఆపేశారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు గుర్తుంది. మా ప్లాంట్ క్యాంటీన్‌లో ఎవరం సరిగ్గా తినలేదు. మా కంపెనీ కాదు, అయినా మన ఊరివాడి మందు కదా అనుకునేవాళ్లం. రెండేళ్లకి నోవో నార్డిస్క్ బలాగ్లిటజోన్‌నీ వదిలేసింది.

అయినా కంపెనీ మునగలేదు. ఎందుకంటే అమెరికాలో ఫ్లుయోక్సెటిన్ (డిప్రెషన్ మందు) 40 మిల్లీగ్రాముల జెనరిక్‌ని, అంటే వేరేవాళ్ల మందుకి చవక రూపాన్ని, ఆరు నెలలు తామొక్కరే అమ్ముకునే హక్కు 2001 ఆగస్టులో దొరికింది. ఇక్కడ వాళ్ల ఒమిప్రజోల్ బ్రాండు ఒమెజ్ అమ్ముడవుతూనే ఉంది. కల వేరే ఖాతాలో, కూడు వేరే ఖాతాలో. 2006లో జర్మనీ మందుల కంపెనీ బీటాఫార్మ్‌ని 48 కోట్ల యూరోలు పెట్టి కొన్నారు. అక్కడ మందుల ధరల విధానం మారి పెద్ద నష్టం వచ్చింది, దాన్నీ తట్టుకున్నారు. సొంత మందు బజారుకి రావడం చూడకుండానే 2013 మార్చి 15న ఆయన వెళ్లిపోయారు. అది నాకు ఇప్పటికీ బాధే. కానీ ఆ కల కోసం ఎవరి ఇల్లూ పోలేదు. నేను పట్టుకునేది ఆ ఒక్క విషయమే.

మిర్చియార్డ్ గుమస్తా:
గెలిచినవాళ్ల కథలే మీటింగుల్లో చెబుతారు. పట్టు వదలకపోవడం వల్లే మునిగినాయన గురించి నేను చెబుతాను, పేరు వద్దు.

గుంటూరు యార్డ్‌లో నేను పద్దులు రాసే కొట్టుకి ఒక పెద్దాయన వచ్చేవాడు. మూడొందల టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. సీజన్‌లో మంచి ధర వచ్చింది, అమ్మలేదు. ఇంకా పెరుగుతుందన్నాడు. పడింది. లేస్తుందన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి శాంపిల్ గుప్పెడు చేతిలోకి తీసుకుని, తొడిమ విరిచి, వాసన చూసి, రంగు తగ్గలేదు కదయ్యా అని నన్నడిగేవాడు. తగ్గిందని చెప్పడానికి నోరొచ్చేది కాదు. ఒకవైపు స్టోరేజీ అద్దె, ఇంకోవైపు నూటికి రెండు రూపాయల వడ్డీ. కొత్త పంట దిగేసరికి కోల్డ్ స్టోరేజీలో ఉన్న పాత సరుకు అడిగేవాడు లేడు. ఆయనా పట్టుదల మనిషే. మొదటి తగ్గుదలకే అమ్మేసిన పక్క కొట్టాయన ఇప్పటికీ వ్యాపారంలో ఉన్నాడు.

లేత్ అన్నా, అంజిరెడ్డి గారు రెండు కంపెనీల్లోంచి బయటికొచ్చారని నువ్వే రాశావు. అది పట్టు వదలకపోవడమా, సమయానికి వదిలేయడమా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. కంపెనీని వదిలారు, పనిని వదల్లేదు.

సింగ్‌నగర్ కుట్టుమిషన్లు:
నేను పెద్దగా చదువుకోలేదు, మందుల సంగతులు తెలియవు. నాది విజయవాడ సింగ్‌నగర్‌లో నైటీలు కుట్టే చిన్న యూనిట్, ఆరు పవర్ మిషన్లు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్లొచ్చాయి. అటు కృష్ణ కూడా నిండుగా పారుతోంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని చెప్పారు. మా వీధిలో నీళ్లు భుజాల దాకా వచ్చి రోజుల తరబడి కదల్లేదు.

తలుపు తీసేసరికి మిషన్ల మీద నల్లటి బురద పేరుకుని ఉంది. మోటార్లు ఆరూ పోయాయి. తలకాయలు డాబా మీదికి ఎక్కించి, కిరోసిన్‌తో కడిగి, బాబిన్ కేసులు ఒక్కొక్కటీ పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. నాలుగు తిరిగాయి, రెండు బిగుసుకుపోయాయి. ఇన్సూరెన్స్ లేదు. పండగకి కుట్టాల్సిన బట్టంతా కంపు.

నేను లేచింది ధైర్యంతో కాదండి. వస్త్రలత బట్టల మార్కెట్లో నేను తొమ్మిదేళ్లుగా బట్ట కొనే కొట్టాయన ఫోన్ చేసి, "అమ్మా, పాత బాకీ తర్వాత చూద్దాం, కొత్త తాన్లు తీసుకెళ్లు" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా చెప్పిన తేదీ దాటించలేదు నేను. ఆ మాట ఆ రోజు డబ్బయింది. ఇల్లు అప్పుల్లో ఉండుంటే ఆ తాన్లు తెచ్చుకోవడానికి కూడా చోటుండేది కాదు. నా దగ్గర కుట్టే ఇద్దరమ్మాయిలు ఆ రెండు నెలల్లో వేరే పని చూసుకున్నారు. తప్పు పట్టను, వాళ్ల ఇళ్లూ మునిగాయి.

అన్నయ్యగారూ, మీ అబ్బాయిని ఆపకండి. కానీ వాడికి అరువిచ్చే మనిషి ఒక్కడైనా ఉన్నాడా, అడగండి.

పట్నంబజార్ 92:
పెద్దాయనా, ఒక్క పని సంగతి. పొడి యూనిట్ ఒక్కటే అయితే ఇల్లు పెట్టాల్సిన పనే లేదు. చిన్న ఆహార యూనిట్లకి 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. ముద్ర లోన్‌కి తాకట్టు అడగరు. ముందు జిల్లా ఉద్యానశాఖ ఆఫీసుకి వెళ్లి అది ఇప్పుడూ ఉందేమో కనుక్కోండి. కర్క్యుమిన్ ఆలోచన పక్కన పెట్టించండి.

ఆటోనగర్ లేత్:
చెల్లెమ్మ రాసింది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా మావయ్య కూడా నాకు మూడో షాపుకి మిషన్ అరువు మీద ఇప్పించాడు. ఆ సంగతి నా మొదటి పోస్ట్‌లో రాయలేదు, రాయాల్సింది.

కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. అన్నీ కుదిరాక మొదలుపెడదామంటే కుదరవు. గుమస్తా గారి పెద్దాయన సరుకు ఆపుకుని కూర్చున్నాడు, చేతితో ఏమీ చేయలేదు. ఎదురుచూడటం వేరు, పని చేయడం వేరు. కుర్రాడిని ఏదో ఒకటి ఈ ఏడాదే చేయనివ్వండి. లేకపోతే ఆ కసి ఆరిపోతుంది. ఆరిపోయినవాళ్లని ఆటోనగర్‌లో రోజూ చూస్తున్నాను.

కొల్లిపర పసుపు:
అందరికీ చేతులెత్తి దండం. ఇవన్నీ ప్రింట్ తీయించి రాత్రి అన్నాలయ్యాక మా అబ్బాయి చేతిలో పెట్టాను. చదువుతున్నంతసేపూ ఏమీ అనలేదు. అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేశారని ఆ మీటింగ్‌లో ఎవరూ చెప్పలేదట. కొనేవాళ్లెవరురా అంటే లాప్‌టాప్‌లో పెద్ద లెక్క చూపించాడు. పేరున్న మనిషి ఒక్కడూ లేడు అందులో. వాడే గమనించి లాప్‌టాప్ మూసేశాడు. కాసేపు నాకే జాలేసింది.

ఇల్లు పెట్టడం లేదు. ఉద్యోగం కూడా ఈ ఏడాది మానడం లేదు. మన పంటలోంచి అయిదు క్వింటాళ్ల కొమ్ములు వాడికి వదిలేస్తానన్నాను. బయట మరలో ఆడించి, ప్యాకెట్లు కట్టి, శని ఆదివారాలు తనే తిరిగి అమ్ముకోవాలి. డబ్బులన్నీ వాడివే, నష్టమైనా వాడిదే. లైసెన్స్ సంగతి వాడే కనుక్కుంటానన్నాడు. లేత్ బాబుకి ఇది చిన్నగా అనిపించొచ్చు. వాడు మాత్రం ఇవాళ పొద్దున్నే కళ్లంలోకి వచ్చి, పాలిష్ డ్రమ్ము ఎంతసేపు తిప్పితే రంగొస్తుందని అడిగాడు. ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి.

తవ్వకం మొదలైంది, ఉడకబెట్టి ఎండేసరికి ఇంకా టైముంది. దుగ్గిరాల, తెనాలి చుట్టుపక్కల మిర్చి ఆడించకుండా పసుపు ఒక్కటే ఆడించే మర ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కారం వాసన తగిలితే మొదటి ప్యాకెట్లకే చెడ్డపేరు వస్తుంది.