విజయవాడలో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసుకునే కెఫేలు: ఏం చూసి ఎంచుకోవాలి?

మొగల్రాజపురం_కొండకింద
వారానికి 3 రోజులు ఇంటి బయట కూర్చుని పనిచేయాలి. లండన్ టీమ్ కాబట్టి షిఫ్ట్ వేసవిలో మధ్యాహ్నం 1:30కి, అక్టోబర్ చివరి ఆదివారం గడియారం మార్చాక 2:30కి మొదలు. రోజూ సాయంత్రం 5, 7 మధ్య రెండు వీడియో కాల్స్. ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా కలిపే దారి) తప్పనిసరి. లబ్బీపేట, గురునానక్ కాలనీ, బెంజ్ సర్కిల్ ఏ వైపైనా పర్వాలేదు. నెట్, ప్లగ్ పాయింట్లు, గంటకు ఎంత ఆర్డరిస్తే మర్యాద, కాల్స్‌కి ఎలాంటి చోటు, బండి పార్కింగ్, వీటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట_ఫైబర్
ఈ ఊళ్లో కెఫేలకీ హాస్టళ్లకీ నెట్ వేసే పని నాది. నెట్ సంగతి నేను చెప్తాను, రాసుకోండి.

అందరూ స్పీడ్ టెస్ట్ పెట్టి డౌన్‌లోడ్ 80 వచ్చింది, 100 వచ్చింది అని మురిసిపోతారు. వీడియో కాల్‌కి అంత అక్కర్లేదు. జూమ్‌లో గ్రూప్ కాల్ 720పీలో నడవాలంటే పంపడానికి 2.6 ఎంబీపీఎస్, అందుకోవడానికి 1.8 చాలు. కాల్ తెగేది స్పీడ్ లేక కాదు, ఆలస్యం ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల. కాఫీ చెప్పేముందే లాప్‌టాప్ తెరిచి కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ 8.8.8.8 అని కొట్టి, వెనక -ఎన్ 50 చేర్చండి. అది గూగుల్ సర్వర్‌కి 50 సార్లు పలకరింపు పంపి, ఒక్కో జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది. 50 జవాబుల్లో ఒక్కటి కూడా పోకూడదు. ఎక్కువ తక్కువల తేడా 30 మిల్లీ సెకన్లు దాటకూడదు. అది నడుస్తుండగానే ఒక పెద్ద ఫైలు డ్రైవ్‌లోకి ఎక్కించండి. 20 ఉన్న పింగ్ 400కి పోయిందంటే అక్కడ కాల్స్ పెట్టుకోకండి. పక్క టేబుల్ వాళ్ల ఫోన్ ఫొటోలు బ్యాకప్ మొదలవగానే మీ గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతుంది.

రెండో సంగతి, ఓవెన్. కెఫేలో పఫ్ వేడిచేసే మైక్రోవేవ్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే తరంగాల మీద నడుస్తాయి. ఓవెన్ తిరిగిన ఆ 40 సెకన్లూ నెట్ చచ్చిపోతుంది. వైఫై జాబితాలో పేరు చివర 5జీ అని ఉన్నదానికే కలపండి.

ఆటోనగర్_స్పానర్
5జీ ఎందుకండీ? అంతకంటే ఫోన్లో 5జీ డేటా ఆన్ చేసుకుంటే సరిపోతుంది కదా, రెండూ ఒకటేగా.

పటమట_ఫైబర్
ఒకటి కాదు. అది 5 గిగాహెర్ట్జ్ వైఫై, కెఫే గోడ మీది పెట్టె నుంచి వచ్చేది. ఫోన్ 5జీ టవర్ నుంచి వచ్చేది. ఈ రెండూ కలిపేసి కస్టమర్లు రోజూ నా ప్రాణం తీస్తున్నారు. తెలియకపోతే అడగండి, తెలిసినట్టు రాయకండి.

ఆటోనగర్_స్పానర్
అడిగిందే కదండీ! గుర్తు చూడండి, ప్రశ్న గుర్తే పెట్టాను.

కౌంటర్_వెనక
కెఫే నడిపేవాణ్ణి. నెట్ అడుగుతారు, ప్లగ్ అడుగుతారు, కుర్చీ ఖరీదు ఎవరూ అడగరు. ఈవిడ అడిగారు, సంతోషం.

సోమవారం నుంచి గురువారం దాకా 11 నుంచి 4 వరకు మా బల్లలు ఖాళీ. ఆ వేళలో ఒక కాఫీ మీద గంటన్నర కూర్చున్నా మాకు ఇబ్బంది లేదు. పైగా అద్దంలోంచి చూసేవాళ్లకు లోపల మనుషులు కనపడతారు, అది మాకే మంచిది. 4:30 దాటితే లెక్క మారుతుంది. ముందు కాలేజీ పిల్లలు, 7 తర్వాత కుటుంబాలు. నలుగురి బల్ల గంటలోపు ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. దాని మీద ఒక్కరే 160 రూపాయల కాఫీతో 8 దాకా కూర్చుంటే మూడు బిల్లులు పోయినట్టు. లేవమని మేం మొహాన చెప్పలేం. అందుకే కొందరు పాస్‌వర్డ్ గంటకే చచ్చేలా పెడతారు, కొందరు ప్లగ్ పాయింట్లకు టేపు వేస్తారు.

గంటన్నరకు ఒక ఐటెం, 4:30కి ఇద్దరి బల్లకు మారడం. ఇది పాటిస్తే ఏ కెఫేలోనైనా మీకు రెండోరోజు నవ్వుతూ నీళ్లు తెస్తారు.

యూనిట్_లెక్క
ప్లగ్ పాయింట్లకు టేపు వేయడం అన్యాయం. లెక్క చూడండి. లాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు. పూర్తిగా లాగినా 4 గంటలకు 260 వాట్ అవర్లు, అంటే పావు యూనిట్ పైచిలుకు. కమర్షియల్ యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 2 రూపాయల 60 పైసలు. 160 రూపాయల కాఫీ తాగినవాడికి రెండున్నర రూపాయల కరెంటు ఇవ్వలేరా?

కౌంటర్_వెనక
చార్జర్ కరెంటు గురించి నేనన్నానా? టేపు వేసేది కుర్చీ కోసం అని పైనే రాశాను. కరెంటు లెక్కే కావాలంటే ఏసీ లెక్క వేయండి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు యూనిట్ నుంచి యూనిట్నర. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు హాల్లో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి కోసం రెండు ఏసీలు తిరుగుతాయి. మీ పావు యూనిట్ పక్కన అది పెట్టి చూడండి.

యూనిట్_లెక్క
ఏసీ ఎలాగూ వేస్తారు. బోర్డు మీద ఏసీ అని రాసుకుని దాన్ని కస్టమర్ ఖాతాలో వేస్తారేంటి? పైగా కొన్నిచోట్ల సర్వీస్ చార్జ్ కూడా బిల్లులో కలిపేస్తున్నారు. అది తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల అథారిటీ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. 5 శాతం జీఎస్టీ ఒక్కటే కట్టాలి, మిగతాది తీసేయమని అడగండి.

కౌంటర్_వెనక
మా దగ్గర సర్వీస్ చార్జ్ లేదు, ఎప్పుడూ లేదు. ఎవరో చేసినదానికి నన్ను నిలదీయకండి. హాల్లో అన్నిటికంటే ఎండ తక్కువ తగిలే మూల ఏదో అడిగితే అక్కడ కూర్చోబెట్టి ఒక్క ఏసీతో సరిపెడతాం. కస్టమర్‌కీ చల్లగా ఉంటుంది, మాకూ ఒకటి ఆగుతుంది. అడిగేవాళ్లు లేరు.

బ్రాడీపేట_4_14
గుంటూరు వాళ్లం కూడా ఇక్కడ ఉన్నాం! బ్రాడీపేటలో, లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో కెఫేలకు కొదవ లేదు, కానీ కోచింగ్ పిల్లలను వదిలే వేళకు గోల. మధ్యాహ్నం పని ఒక్కటే కుదురుతుంది.

చార్జర్ సంగతి ఎత్తారు కాబట్టి: యూనిట్లు పక్కన పెట్టండి, అసలు గొడవ సాకెట్ వదులు. రోజూ వందసార్లు ఫోన్ చార్జర్లు పెట్టి తీసి లోపలి రేకులు తెరుచుకుపోతాయి. మన లావు అడాప్టర్ బరువుకు ప్లగ్ కిందికి వంగి నిప్పురవ్వలు వస్తాయి. చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. చిట్‌పట్‌మంటే ఆ పాయింట్ వదిలేయండి. వైరు మాత్రం నడిచే దారికి అడ్డం వేయకండి, ట్రే పట్టుకుని వచ్చే కుర్రాడు కాలు తగిలి పడితే వేడి కాఫీ ఎవరి ఒంటి మీద పడుతుందో తెలియదు.

కౌంటర్_వెనక
ఈ వైరు మాట నేను రాయాల్సింది, మీరు రాశారు. ధన్యవాదాలు.

డికాక్షన్_లబ్బీపేట
ఇంతమంది రాశారు, కాఫీ ఎలా ఉంటుందో ఒక్కరూ అనలేదు. నాలుగు గంటలు కూర్చునేవాళ్లు కాపుచినోలు తాగితే పాలకే కడుపు నిండిపోతుంది. ఫిల్టర్ కాఫీ ఉన్న చోటు చూసుకోండి. చికోరీ (కాఫీ పొడిలో కలిపే వేరుపొడి) లేనిది అడగండి.

ఆటోనగర్_స్పానర్
చికోరీ లేకుండా ఫిల్టర్ కాఫీ ఏంటండీ? ఆ చిక్కదనం, ఆ రంగు దానివల్లే.

డికాక్షన్_లబ్బీపేట
రంగు వేరు, రుచి వేరు. మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలని ఆహార నిబంధన. అంటే దాదాపు సగం వేరుపొడి కలిపినా చట్టబద్ధమే. ప్యాకెట్ మీద శాతం వేస్తారు, చూడండి. మేలుకుని పనిచేయడానికే కదా కాఫీ తాగేది, చికోరీలో కెఫీన్ ఉండదు. 80కి 20 పొడితో తీసిన డికాక్షన్ అయితే నేను ఒప్పుకుంటాను.

యూనిట్_లెక్క
ఫిల్టర్ కాఫీ కావాలంటే గాంధీనగర్ టిఫిన్ హోటళ్లకు వెళ్లాలి. అక్కడ లాప్‌టాప్ తెరిస్తే పక్కన ఇడ్లీ కోసం నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా? రెండూ ఒకచోట దొరకవు.

మొగల్రాజపురం_కొండకింద
అండీ, కాల్స్ సంగతి ఎవరైనా చెప్తారా? వీపీఎన్ సంగతి కూడా. నిన్న ఒకచోట వైఫై కలిసింది కానీ లాగిన్ పేజీ రాలేదు, వీపీఎన్ ఎక్కలేదు.

పటమట_ఫైబర్
మీ వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టి ఉంటారు. అది ముందే దారి మూసేస్తుంది కాబట్టి కెఫే వైఫై అడిగే ఓటీపీ పేజీ తెరుచుకోదు. వీపీఎన్ ఆపండి, ఫోన్లో అయితే సెట్టింగ్స్‌లోని ప్రైవేట్ డీఎన్ఎస్ కూడా ఆపండి, బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ కొట్టండి. తాళం గుర్తు లేని పేజీ అది, దాని మీదికి కెఫే లాగిన్ వచ్చి కూర్చుంటుంది. ఓటీపీ కొట్టాక వీపీఎన్ ఎక్కించండి. అప్పటికీ ఎక్కకపోతే కెఫే ఫైర్‌వాల్ యూడీపీ 500, 4500 పోర్టులు (చాలా వీపీఎన్‌లు వెళ్లే దారులు) మూసి ఉండొచ్చు. మీ ఐటీ వాళ్లను టీసీపీ 443 మీద నడిచే ప్రొఫైల్ అడగండి. ఆ పోర్టును ఎవరూ మూయలేరు, మూస్తే మామూలు వెబ్‌సైట్లే తెరుచుకోవు.

వీపీఎన్_కానూరు
పై మాట సరే. కానీ 8.8.8.8 పింగ్ చూసి సంతకం పెట్టేయకండి. అది దగ్గర సర్వర్ నుంచి జవాబిస్తుంది. మీ ట్రాఫిక్ లండన్ గేట్‌వే (ఆఫీసు నెట్‌వర్క్ ద్వారం లాంటి సర్వర్) దాకా పోతుంటే అక్కడికి 150 పైన ఉండటం మామూలే. ఆఫీసు గేట్‌వేకే పింగ్ కొట్టి చూడాలి. నెట్ వేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

పటమట_ఫైబర్
గేట్‌వేలు సగం పింగ్‌కి జవాబే ఇవ్వవు, ఆపేసి పెడతారు. జవాబు రాకపోతే ఈవిడ కెఫేని తప్పుపడతారు. నేను చెప్పింది కెఫే లైను పరీక్ష, లండన్ పరీక్ష కాదు. లండన్ దూరం ఏ కెఫేకి వెళ్లినా అదే.

వీపీఎన్_కానూరు
జవాబిస్తే గేట్‌వే, ఇవ్వకపోతే 8.8.8.8. అలా రాసి ఉంటే నేనేం అనేవాణ్ణి కాదు.

మోడరేటర్
ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. ముందుకు సాగండి.

బ్రాడీపేట_4_14
కరెంటు పోతే ఏంటన్నది ఎవరూ ఎత్తలేదు. కెఫేలో అడిగితే "ఇన్వర్టర్ ఉంది సార్" అంటారు. లైట్లు వెలుగుతాయి, నెట్ పోతుంది. గోడకు రెండు పెట్టెలుంటాయి: ఫైబర్ వైరు దిగే ఓఎన్‌టీ ఒకటి, వైఫై రౌటర్ ఒకటి. రౌటర్ ఇన్వర్టర్ లైనులో, ఓఎన్‌టీ మామూలు లైనులో ఉంటే లాభం లేదు. జనరేటర్ అరనిమిషంలో అందుకున్నా పెట్టెలు మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు. "రెండు పెట్టెలూ ఇన్వర్టర్ మీదేనా?" అని అడగండి. తెలియదంటే లేదనే లెక్క.

ఫోన్ హాట్‌స్పాట్ చేతిలో పెట్టుకోండి, వైఫై ద్వారా కాకుండా కేబుల్‌తో కలపండి, బ్యాటరీ దిగదు, పక్కవాళ్ల వైఫైలతో పోటీ ఉండదు. సెల్లార్‌లో ఉన్న కెఫేలకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు, అక్కడ సిగ్నలే దిగదు. నలుపు ఫిల్మ్ వేసిన అద్దాల వెనక కూడా అనుమానమే.

ఫిజియో_గవర్నర్‌పేట
నెట్ ఒక్కటే ఉందా ఒంటికి? సోఫా, దాని ముందు మోకాలెత్తు బల్ల ఉన్న చోట గంట దాటి పనిచేయకండి. బల్ల నేల నుంచి 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ 17, 18 ఉండాలి. భుజాలు దించి చేతులు కీబోర్డు మీద పెడితే మోచేయి ఎల్ అక్షరంలా నిలవాలి. ఎత్తు స్టూళ్లయితే కాలు పెట్టుకునే కమ్మీ ఉందో లేదో చూడండి, కాళ్లు వేలాడితే తొడల కింద నరాలు నొక్కుకుపోతాయి.

కాల్_సెంటర్_పోరంకి
కాల్స్ గురించి చెప్తాను, పాపం రెండుసార్లు అడిగారు. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ మీ చెవికి మాత్రమే. అవతలివాళ్లకు మిక్సీ మోత అలాగే పోతుంది. వాళ్లకు పోకూడదంటే నోటి దగ్గరికి వచ్చే కాడ మైకు కావాలి, పెదవి మూలకు రెండు వేళ్ల దూరంలో, ఊపిరి తగలకుండా కాస్త పక్కకు. కూర్చునే చోటు: సీలింగ్ స్పీకర్ కింద వద్దు, కౌంటర్ ఎదురుగా వద్దు, గింజలు మరపట్టే మోత, మిల్క్‌షేక్ మిక్సీ అక్కడే. వీపు గోడకు ఆనించండి, మీ తెర ఎవరికీ కనపడదు. కస్టమర్ పేర్లు, ఖాతా నంబర్లు పైకి చదివే పని ఉంటే ఏ కెఫే అయినా తప్పే, అది హెడ్‌సెట్ తీర్చే సమస్య కాదు.

మీ కాల్స్ 5 నుంచి 7. పైన కౌంటర్ వాళ్లు చెప్పిన రద్దీ కూడా అప్పుడే. పుట్టినరోజు కేకులు, చప్పట్లు అన్నీ ఆ రెండు గంటల్లోనే. ఆ వేళ ఏ పేరు చెప్పినా నేను నమ్మను.

మొగల్రాజపురం_కొండకింద
అయితే 1:30 నుంచి 4:30 దాకా కెఫే, కాల్స్‌కి ఇంటికి వచ్చేస్తాను. చలికాలంలో 2:30కి మొదలు కాబట్టి రెండు గంటలే దొరుకుతాయి, అయినా సరే.

కౌంటర్_వెనక
చాలామందికి అదే సరిపోతుంది. శుక్రవారం మాత్రం 3:30కే నిండుతుంది. దసరాల్లో మూలా నక్షత్రం రోజు గవర్నర్‌పేట, వన్‌టౌన్ వైపు అసలు పెట్టుకోకండి, అమ్మవారి దర్శనానికి రోడ్లు మళ్లిస్తారు, ఇంటికి చేరేసరికి మీ 5 గంటల కాల్ అయిపోతుంది.

ఆటోనగర్_స్పానర్
పార్కింగ్ ఎవరూ చెప్పలేదు. బండి పడమటి ఎండలో పెట్టకండి, 4:30కి సీటు మీద కూర్చోలేరు. సెల్లార్ ఉన్న బిల్డింగ్ చూసుకోండి.

పటమట_ఫైబర్
సెల్లార్ బండికి. మీరు పైన కూర్చోండి, కింద సిగ్నల్ రాదు.