అప్‌డేట్: కొండ మీద చలికాలం కాపలా, మూడు నెలల తర్వాత

మంచు కురిసే నాలుగు నెలలు కొండ మీది లాడ్జికి ఒక్కడినే కాపలా ఉండే పని ఒప్పుకున్నాను, ఒంటరితనం తట్టుకోగలనా అని అప్పట్లో అడిగాను కదా. ఆ టెన్షన్ అంతా దండగ. అసలు తలనొప్పి నీళ్లతో.

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పైపు పగలడానికి అది చాలు. రెండో వారంలోనే వంటగది పైపు పగిలింది. తప్పు నాదే, రాత్రి లైన్ ఖాళీ చేయడం మర్చిపోయాను. అప్పటినుంచి మంచు కరిగించుకునే తాగుతున్నా. పెద్ద గిన్నె నిండా మెత్తటి మంచు పెడితే చివరికి మిగిలేది గ్లాసుడు నీళ్లు! ముందు అడుగున కాసిని నీళ్లు పోసి, ఆపైన మంచు వేయాలట. గిన్నె మాడ్చాకే తెలిసింది.

మిగతా పనులు మామూలే: కప్పు మీద మంచు దించడం, పొయ్యి గొట్టం మూసుకుపోలేదని చూసుకోవడం. గొట్టం మూసుకుపోతే లోపల చేరే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అందుకే దాన్ని పసిగట్టే అలారం రోజూ నొక్కి చూస్తాను. టార్చి బ్యాటరీలు చలికి నీరసించిపోతాయని దుప్పట్లో పెట్టుకుని పడుకుంటున్నా (నవ్వకండి).

రోజూ సాయంత్రం ఒకే టైముకి కిందివాళ్లతో రేడియోలో మాట్లాడమని చెప్పినవాళ్లకి థాంక్స్. ఇంకో నెల ఉంది. కట్టెలు సరిపోతాయి, పుస్తకాలే అయిపోయాయి.