నాన్నకి గోల్ఫ్ బూట్లు: వెడల్పు పాదం, షుగర్ కూడా ఉంది, ఏవి కొనాలి?

పెన్నాగట్టు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యారు, 62 ఏళ్లు. ఆయనతో కలిసి పనిచేసిన అంకుల్ ఒకరు చెన్నైలో గోల్ఫ్ ఆడతారు, పట్టుబట్టి నాన్నని కూడా దించారు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రమైతే చాలు, రైలెక్కేసి చెన్నై వెళ్లిపోతున్నారు, శనివారం పొద్దున్నే ఆట. రిటైరయ్యాక టీవీ ముందు దిగులుగా కూర్చున్న మనిషి ఇంత హుషారుగా తిరుగుతుంటే మాకందరికీ సంతోషంగా ఉంది, అందుకే ఈ బూట్ల సంగతి సరిగ్గా తేల్చుకుందామని రాస్తున్నాను.

ఇన్నాళ్లూ వాకింగ్ బూట్లతోనే ఆడుతున్నారు. పోయిన నెల మంచుకి గడ్డి తడిగా ఉంది, బంతి ఏటవాలులో పడింది, క్లబ్ తిప్పగానే ఎడమకాలు సర్రున జారి కింద కూర్చుండిపోయారట. దెబ్బ తగల్లేదు గానీ అమ్మకి ఇంకా టెన్షన్‌గానే ఉంది. నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. పాదం బాగా వెడల్పు, ఆఫీసుకి కూడా చెప్పులతోనే వెళ్లిన మనిషి, ఏ బూటు వేసినా చిటికెనవేలు దగ్గర ఒరుసుకుంటుంది. ట్రంక్ రోడ్డులో షాపులు తిరిగాం, గోల్ఫ్ బూట్లు అంటే రన్నింగ్ షూస్ తీసి చూపించారు. ఆన్‌లైన్‌లో ఒక జత తెప్పిస్తే పొడవు సరిపోయింది, వెడల్పు చాల్లేదు, వెనక్కి పంపడానికి నానా తిప్పలు పడ్డాం.

సోల్ కింద స్పైకులు, అంటే నేలని పట్టుకునే ముళ్లలాంటివి, ఉన్నవి కొనాలా, లేనివా? వాటర్‌ప్రూఫ్ కావాలా, మన ఎండలకి అందులో కాలు ఉడికిపోదా? పదివేల లోపు చూస్తున్నాం. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కావలి కుర్రోడు:

అక్కా, ముందు ఆ వాకింగ్ బూట్లతో ఆడటం మాన్పించండి. అవి కాలు ముందుకు వెయ్యడానికి చేసినవి, మడమ దగ్గర ఎత్తుగా మెత్తగా ఉంటాయి. గోల్ఫ్‌లో కొట్టేటప్పుడు అడుగు ముందుకు పడదు, ఒళ్లంతా పక్కకి తిరుగుతుంది. కుడిచేతి వాటమైతే క్లబ్ వెనక్కి ఎత్తినప్పుడు బరువు కుడిపాదం లోపలివైపు ఆగాలి, కిందికి తెచ్చి కొట్టేటప్పుడు అదంతా ఎడమకాలి మీదికొచ్చి చివరికి ఆ పాదం బయటి అంచు మీద నిలబడుతుంది. సోల్ మెత్తగా ఉంటే సరిగ్గా ఆ అంచు దగ్గరే నలిగి ఒరిగిపోతుంది. మీ నాన్నగారికి ఎడమకాలే జారడానికి కారణం ఇదే అయ్యుంటుంది, తడి గడ్డి దానికి తోడైంది.

షాపులో బూటుని రెండు చివర్లా పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టి చూడండి. నడుమ సులువుగా మెలితిరిగిపోతే వద్దని చెప్పెయ్యండి. వేళ్ల దగ్గర మాత్రం వంగాలి, ఎందుకంటే కొట్టాక కుడిమడమ లేచి ఆ కాలు వేళ్ల మీద తిరుగుతుంది. ఆ తర్వాత లేసులు కట్టించి, నిలబడ్డచోటే నడుమ అటూ ఇటూ తిప్పమనండి. బూటు లోపల పాదం పక్కకి కదలకూడదు.

ఇక స్పైకుల సంగతి. ఇప్పటి స్పైకులు ఇనుపవి కావు, ప్లాస్టిక్‌వి, అరిగితే తిప్పి ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. ఇనుపవి గ్రీన్ మీద, అంటే బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి చోట, గడ్డిని చీల్చేస్తున్నాయని 1990ల నుంచి చాలా క్లబ్బులు వాటిని రానివ్వడం మానేశాయి. ఎవరైనా పాత జత ఉచితంగా ఇస్తానన్నా తీసుకోవద్దు. స్పైకుల్లేని రకానికి సోల్ మీదే చిన్న చిన్న రబ్బరు బుడిపెలు ఉంటాయి. 2010లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో ఫ్రెడ్ కపుల్స్ అనే ఆటగాడు అలాంటి ఎకో కంపెనీ బూట్లు, అదీ సాక్సులు లేకుండా వేసుకుని ఆడాడు, ఆ తర్వాతే జనం వాటి వైపు బాగా మళ్లారు. పొడినేల మీద రెండిటికీ తేడా పెద్దగా తెలియదు. తడిగడ్డి, ఏటవాలు అయితే స్పైకులదే పైచేయి. ఆయన జారింది అలాంటి చోటే కాబట్టి నా ఓటు స్పైకులకే.

ఇంకో మాట, అన్ని బూట్లకీ అన్ని స్పైకులూ పట్టవు. ఫాస్ట్ ట్విస్ట్ అనీ, పిన్స్ అనీ, క్యూ-లాక్ అనీ బిగింపులు వేరువేరుగా ఉంటాయి. కొనేటప్పుడే ఏది అని అడిగి రాసిపెట్టుకోండి, ఒక సెట్ స్పైకులు, తిప్పే రెంచ్ కూడా అప్పుడే తీసుకుంటే మంచిది. అరిగిన స్పైకులతో ఆడితే అసలు లేనట్టే లెక్క.

కొత్తపట్నం గాలి:

కావలి తమ్ముడు సోల్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ స్పైకుల దగ్గర నేను ఒప్పుకోను. ఆయన 62 ఏళ్ల మనిషి, 18 హోల్స్, అంటే బంతి వెయ్యాల్సిన 18 గుంతలూ, నడిచి ఆడితే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు అవుతుంది, మధ్యలో సిమెంటు దారులుంటాయి, క్లబ్‌హౌస్ మెట్లుంటాయి. గట్టినేల మీద స్పైకులతో నడిస్తే అరికాలికి కింద నుంచి పొడుస్తున్నట్టు తెలుస్తుంది, నున్నటి టైల్స్ మీదైతే స్పైకులే జారతాయి. గడ్డి మీద జారకూడదని కొని మెట్ల దగ్గర జారితే ఏం లాభం? బుడిపెలు లోతుగా ఉన్న స్పైక్‌లెస్ జత చాలు. మాది ఒంగోలు పక్కన, పొగాకు తీసేశాక ఖాళీగా ఉన్న మా నల్లరేగడి చేలో ప్రాక్టీసు చేస్తుంటాను. ఒక వాన పడితే చాలు, స్పైకుల సందుల్లో ఆ మట్టి ఎంత బిగుసుకుంటుందంటే పుల్ల పెట్టి గీరితే తప్ప రాదు, అప్పటిదాకా స్పైకు నేలకి తగలనే తగలదు.

నా దృష్టిలో అసలు సమస్య వెడల్పు. మనలో చాలామందికి చిన్నప్పటినుంచీ వట్టికాళ్లతోనో చెప్పులతోనో తిరిగి ముందుపాదం బాగా పరుచుకుని ఉంటుంది. మామూలుగా షాపులో పెట్టేది మీడియం వెడల్పు, అంటే డి. అది ఇరుకైందని ఒక సైజు పెద్దది తీసుకుంటారు, అప్పుడు పొడవెక్కువై మడమ లోపల ఊగుతుంది, బొబ్బ లేస్తుంది, పైగా కొట్టేటప్పుడు పాదం ముందుకి జారుతుంది. పొడవు పెంచొద్దు, వెడల్పు పెంచండి. పెట్టె మీద వైడ్ అనో, డబుల్ ఈ అనో ఉందేమో చూడండి. ఫుట్‌జాయ్‌లో కొన్ని మోడళ్లు రెండు మూడు వెడల్పుల్లో వస్తాయి, స్కెచర్స్‌లోనూ వైడ్ ఫిట్ ఉంటుంది.

సైజు నంబర్లని కూడా గుడ్డిగా నమ్మొద్దు. యూకే 8 అంటే ఫుట్‌జాయ్‌లో అమెరికా సైజు 9, అడిడాస్‌లో అదే యూకే 8 అమెరికా 8.5 అవుతుంది. నాలుక లోపలి లేబుల్ మీద సెంటీమీటర్లు ఉంటాయి, వాటితో పోల్చుకోవాలి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఆటకి వేసుకునే సాక్సులతోనే ఆయన్ని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాలూ గీయండి. కూర్చుని గీస్తే పనికిరాదు, బరువు పడ్డప్పుడే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. పెన్సిలు నిటారుగా పట్టుకోండి. రెండు పాదాలూ సమానంగా ఉండటం అరుదు, పెద్దదానికి సరిపోయేవి కొనాలి.

అరికాలు:

అమ్మా, నేను ఒంగోల్లో ఫిజియోథెరపిస్టుని. ఇప్పటిదాకా బాగానే చెప్పారు గానీ షుగర్ ఉందన్న మాట ఇద్దరూ దాటేశారు, నాకు ఇక్కడ అదే అన్నిటికంటే ముఖ్యం.

షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో పాదాల స్పర్శ మెల్లమెల్లగా తగ్గుతుంది. బూటు ఒరుసుకుంటున్నా, లోపల రాయి ఉన్నా తెలియదు. మీ నాన్నగారికి చిటికెనవేలు దగ్గర ఒరుసుకోవడం తెలుస్తోందంటే అది మంచి సంగతే, అయినా కొనేముందు డాక్టరు దగ్గర ఒకసారి పాదాల పరీక్ష చేయించండి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకించి తెలుస్తోందా అని అడుగుతారు, నొప్పేమీ ఉండదు. స్పర్శ తగ్గిందని తేలితే బూట్ల ఎంపికే మారిపోతుంది, అప్పుడు డాక్టరు చెప్పిన ఇన్‌సోల్, అంటే బూటు లోపల అరికాలి కింద పరిచే మెత్త, పట్టేంత లోతున్న బూటు కావాలి.

షాపులో బూటు కాలికి వేసేముందు మీరే చెయ్యి లోపల పెట్టి చుట్టూ తడమండి. వేళ్ల దగ్గర కుట్టు గట్టిగా తగులుతుంటే ఆ జత వద్దు. పొడవైన వేలికి ముందు సెంటీమీటరు పైన ఖాళీ ఉండాలి. సాక్సులు తెల్లవి, కుట్టు అంచులు లేనివి కొనండి. ఎక్కడైనా పుండుపడి రక్తమో రసో కారితే తెల్లదాని మీద వెంటనే కనిపిస్తుంది, నల్లసాక్సుల్లో రాత్రిదాకా తెలియదు. బంకర్‌లోకి, అంటే మైదానంలో ఉండే ఇసుక గుంటలోకి, దిగి వచ్చిన ప్రతిసారీ బూటు విప్పి ఇసుక దులుపుకోమని ఆయనకి గట్టిగా చెప్పండి, ఇసుక నలుసులు చర్మాన్ని గీరేస్తాయి. ఆట అయ్యాక పాదాలు, వేళ్ల సందులతో సహా, వెలుతురులో చూసుకోవాలి. వంగలేకపోతే అద్దం పెట్టుకోవచ్చు.

పట్టు మరీ ఎక్కువైనా మంచిది కాదు, ఎడమపాదం నేలకి అతుక్కుపోయి ఒళ్లు మాత్రం తిరిగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. నిలబడేటప్పుడే ఎడమపాదం వేళ్లు కాస్త బయటివైపు తిప్పి పెట్టుకుంటే ఆ భారం తగ్గుతుంది, వాళ్ల కోచ్‌ని అడగమనండి. బ్రాండు గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకండి. 2021లో కారు ప్రమాదంలో కాలు నుజ్జయ్యాక టైగర్ వుడ్స్ 2022 మాస్టర్స్‌కి తిరిగొచ్చినప్పుడు, నైకీతో అన్నేళ్ల బంధం ఉండి కూడా, కాలికి నిలకడ కావాలని ఫుట్‌జాయ్ బూట్లేసుకుని ఆడాడు. అంతటి ఆటగాడే కాలు చెప్పినట్టు విన్నాడు.

పెన్నాగట్టు:

మీ అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నని కాగితం మీద నిలబెట్టి గీశాను, కుడిపాదం పొడవు 26.2 సెంటీమీటర్లు, వెడల్పు 10.8, ఎడమది పొడవులో కాస్త తక్కువ. పాదాల పరీక్షకి ఈ వారమే తీసుకెళ్తున్నాం, డాక్టరమ్మగారూ, ఇలాంటిది ఒకటి ఉందనే మాకు తెలియదు. వాటర్‌ప్రూఫ్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కావలి కుర్రోడు:

అది నేను చెప్తానక్కా. వాటర్‌ప్రూఫ్ బూట్ల లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది, నీళ్లు రానివ్వదు, ఆవిరిని మాత్రం కొంత బయటికి పంపుతుంది. ఆ కొంత మన ఎండలకి చాలదు, మే నెలలో లోపల చెమట నిలిచిపోతుంది. అట్లాగని గాలి ఆడే వలలాంటి బట్టతో చేసిన మెష్ బూట్లు కొంటే పొద్దున మంచుకి మూడో హోల్‌కల్లా సాక్సులు తడిసి ముద్దవుతాయి, షుగర్ ఉన్నాయన మిగతా ఆటంతా నానిన కాళ్లతో నడవాలి. నెల్లూరికీ చెన్నైకీ పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మంచు ఆ తర్వాత. ఆయన పొద్దున్నే ఆడతారు కాబట్టి ఒక్క జతే కొనేటట్టయితే వాటర్‌ప్రూఫ్‌దే కొనండి, ఇంకో రెండు జతల సాక్సులు బ్యాగులో పెట్టండి, తొమ్మిది హోల్స్ అయ్యాక కూర్చుని మార్చుకోవాలి. రెండో జతకి డబ్బులు కుదిరినప్పుడు ఎండాకాలానికి మెష్‌ది చూసుకోవచ్చు, డెకాథ్లాన్ వాళ్ల గోల్ఫ్ బ్రాండు ఇనెసిస్‌లో తక్కువ ధరవి ఉంటాయి, చెన్నై షాపుల్లో వేసి చూసుకోవచ్చు.

ఒంగోలు అన్న మెట్లు, సిమెంటు దారుల గురించి చెప్పింది చదివాక, ఆయన వయసుకి స్పైక్‌లెస్సే నయమనిపిస్తోంది. బుడిపెల లోతు మాత్రం చూడండి, ఊరికే నున్నగా స్నీకర్‌లా ఉన్నవి చాలా వస్తున్నాయి, అవి ఆ ఏటవాలులో మళ్లీ జారతాయి. బుడిపెలు అరిగితే మార్చలేం, బూటే మార్చాలి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

కొత్తపట్నం గాలి:

26.2 అంటే లేబుల్ మీద 26.5 లేదా 27 ఉన్నవి, వైడ్‌లో, రెండూ వేసి చూపించండి. అంకుల్‌వాళ్ల క్లబ్‌లో సామాన్లు అమ్మే షాపుంటే ముందు అక్కడ అడగండి, డబ్బులు కాస్త ఎక్కువైనా వేసి నడిచి చూసి కొనొచ్చు. క్లబ్‌లో ఎలాంటి సోల్ రానిస్తారో కూడా అక్కడే తెలుస్తుంది.

సగం ధరకి వస్తున్నాయని ఏళ్ల తరబడి గోడౌన్లో ఉన్న పాత స్టాకు కొనొద్దు. చాలా బూట్ల నడిమి సోల్ పాలీయురెథేన్, గాలిలో తేమకి అది వాడకుండా ఉన్నా లోపల్లోపలే పాడవుతుంది, మన సముద్రతీరంలో తేమ సంగతి తెలిసిందే కదా. చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, వేసుకుని నడిచిన రోజు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. తడిసినప్పుడు ఎండలో పెట్టొద్దు, జిగురు వదిలేస్తుంది. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద పెట్టండి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి.

అరికాలు:

తెచ్చిన వెంటనే ఆటకి వేసుకోనివ్వకండి. మొదటి వారం ఇంట్లోనే రోజుకి గంట, తర్వాత రెండు గంటలు. విప్పిన ప్రతిసారీ పాదం చూడండి, ఎక్కడైనా ఎర్రబడి అరగంటైనా తగ్గకపోతే ఆ బూటు ఆయనకి సరిపోలేదన్నట్టే. ఇంట్లో మాత్రమే వేసుకుంటే సోల్‌కి మట్టి అంటదు, మార్చుకోవడానికి షాపువాళ్లు కూడా పేచీ పెట్టరు. మొదటి శనివారం తొమ్మిది హోల్స్‌తో ఆపమనండి.