ప్రేమగల దేవుడు ఉంటే నరకం ఎందుకు? మా అమ్మమ్మ గురించి అడుగుతున్నాను

నిమ్మచెట్టు (ప్రశ్న):

అందరికీ వందనాలు. మాది గుంటూరు దగ్గర ఒక పల్లె. నా చిన్నప్పుడే అమ్మానాన్నలు బాప్తిస్మం తీసుకున్నారు, మా అమ్మమ్మ మాత్రం తీసుకోలేదు. చివరిదాకా శుక్రవారం తులసికోట దగ్గర దీపం పెట్టింది, కార్తీకమాసంలో ఉపవాసాలు ఉంది. మాతోనే ఉండేది కాబట్టి ఆదివారం అందరికంటే ముందు లేచి నా చొక్కా ఇస్త్రీ చేసి, కానుకకి పది రూపాయల నోటు జేబులో పెట్టి చర్చికి పంపేది కూడా ఆమే. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా, కులం చూడకుండా ఆ పూటకి అన్నం, చారు వండి పంపేది.

మొన్న వేసవిలో చనిపోయింది. పెద్దకర్మ రోజు మావయ్య వాళ్లింట్లో అందరూ భోజనాలకి కూర్చుంటే అమ్మ బయట అరుగు మీదే ఉండిపోయింది, పిండాలు పెట్టిన ఇంట్లో తినకూడదని సంఘంలో చెప్పారట. ఆ తర్వాత కొన్నాళ్లకి ఊళ్లో ఉజ్జీవ కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు ధనవంతుడు, లాజరు కథ ఎత్తుకుని, యేసుని ఒప్పుకోకుండా పోయిన మీ అమ్మలూ నాన్నలూ ఈ నిమిషంలో మంటల్లో ఒక్క నీటి చుక్క కోసం కేకలు పెడుతున్నారు అని మైకులో చెప్తుంటే అమ్మ నా పక్కనే ఉంది. ఇంటికొచ్చాక ఏమీ మాట్లాడలేదు, అప్పటినుంచీ రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోవడం లేదు.

నేను అడిగేది రెండు సంగతులు. దేవుడు ప్రేమాస్వరూపి అని యోహాను రాశాడు, మనం రోజూ చదువుతాం. మరి డెబ్బై ఎనభై ఏళ్ల బతుక్కి, అదీ పుట్టిన ఇంట్లో నేర్పిన భక్తిని వదలనందుకు, ఎప్పటికీ తీరని శిక్షా? రెండోది, ఒకవేళ నేను పరలోకానికి వెళ్లి ఆమె నరకంలో ఉంటే నాకు సంతోషం ఎలా ఉంటుంది? నా జ్ఞాపకం తుడిచేస్తారని ఒకాయన అన్నాడు. ఆమెని మర్చిపోతే తప్ప ఉండలేని పరలోకం నాకు భయంగా ఉంది.

దేవుని మార్గాలు మనకి అర్థం కావు అని మాత్రం చెప్పకండి. అలాగే నరకమే లేదు అనేవాళ్లు యేసు మాటల్ని ఎలా చదువుతున్నారో కూడా చెప్పండి, ఎందుకంటే నరకం గురించి గట్టిగా మాట్లాడింది ఆయనే కదా.

పాత_పలక:

బాబూ, నేను లూథరన్ సంఘంలో చాలాకాలంగా పెద్దగా ఉన్నాను. నరకం ఉందని నమ్ముతాను, యేసు చెప్పాడు కాబట్టి. కానీ ఆ ప్రసంగీకుడు మైకులో చేసింది మాత్రం నాకు నచ్చలేదు. మనిషిని పేరుపెట్టి నరకానికి పంపే అధికారం ఏ సేవకుడికీ ఇవ్వలేదు. సిలువ మీద దొంగకి ఆఖరి గంటలో క్షమాపణ దొరికింది, ఆ మాట దగ్గరున్నవాళ్ల చెవిన పడబట్టి మనకి తెలిసింది. ఆఖరి గంటలో మీ అమ్మమ్మకీ దేవుడికీ మధ్య ఏం నడిచిందో వినడానికి అక్కడ ఎవరున్నారు?

యేసు ఆ మాటలు ఎవరితో అన్నాడో ఒకసారి చూసుకో. మత్తయి 23లో నరకశిక్షను ఎలా తప్పించుకుంటారు అని గద్దించింది శాస్త్రుల్నీ పరిసయ్యుల్నీ, అంటే లేఖనాలు కంఠతా వచ్చినవాళ్లని. మత్తయి 25లో ఎడమవైపు నిలబడినవాళ్లు ‘ప్రభువా’ అని పిలిచేవాళ్లే. వాళ్లమీద నేరం ఒక్కటే, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టలేదు. కుడివైపువాళ్లేమో మేం నీకెప్పుడు పెట్టాం అని ఆశ్చర్యపోతారు, ఆయన్ని చూసిన సంగతే వాళ్లకి తెలీదు. ఇక ధనవంతుడు మంటల్లో పడింది గుమ్మం ముందు పడి ఉన్న లాజరుని పట్టించుకోనందుకు. ఆ కథని, చావింటికి అన్నం పంపిన ముసలామె మీదికి తిప్పడం ఏం న్యాయం?

ఇంకొకటి, లూకా 12 చివర్లో యజమాని చిత్తం తెలిసి చెయ్యనివాడికి ఎక్కువ దెబ్బలు, తెలియక తప్పినవాడికి తక్కువ దెబ్బలు అని ఉంది. తెలిసినదాన్ని బట్టే లెక్క. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చెయ్యడా అని అబ్రాహాము అడిగాడే, దేవుడు ఆయన మీద కోప్పడలేదు. నువ్వు అడగడం కూడా తప్పు కాదు.

సాయంత్రం_బస్సు:

పెద్దాయన మాటలకి కొంచెం చరిత్ర చేరుస్తాను, ఎందుకంటే ‘అంతులేని యాతన’ ఒక్కటే క్రైస్తవం అని మనకి చిన్నప్పటినుంచీ చెప్తారు గానీ మొదటి శతాబ్దాల నుంచీ సంగతి అలా లేదు.

మూడో శతాబ్దంలో ఆరిజన్ అనే పండితుడు నరకాగ్ని శుద్ధి చేసే అగ్ని అనీ, చివరికి అందరూ దేవుడి దగ్గరికి చేరతారనీ ఆశపడ్డాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ ఆయన పేరుని శాపగ్రస్తుల్లో చేర్చింది. విచిత్రం ఏంటంటే దాదాపు అదే ఆశని నాలుగో శతాబ్దంలో రాసిన నిస్సా గ్రెగరీని మాత్రం సంఘం ఈరోజుకీ పరిశుద్ధుడనే అంటోంది. పడమటి దేశాల్లో అగస్టీన్ అనే బిషప్ మాట నిలిచింది, శిక్ష నిత్యమే అని ఆయన గట్టిగా వాదించాడు, మన మిషనరీలు తెచ్చింది ఎక్కువగా ఆ దారే.

మూడో దారి, నశించిపోవడం. అంటే దుష్టులు ఎల్లకాలం యాతన పడరు, తీర్పు తర్వాత లేకుండా పోతారు. మత్తయి 10:28లో ఆత్మనూ దేహాన్నీ నరకంలో నశింపజేసేవాడు అని ఉంది, పాపానికి జీతం మరణం అని పౌలు రాశాడు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఇదే బోధిస్తారు. ఇవాంజెలికల్స్‌లో అంత పేరున్న జాన్ స్టాట్ కూడా 1988లో తను ఇటువైపే మొగ్గుతున్నానని కాస్త జంకుతూనే రాశాడు. నాకు ఇదే సబబుగా తోస్తుంది. కష్టం ఎక్కడొస్తుందంటే మత్తయి 25:46లో శిక్షకీ జీవానికీ ‘నిత్య’ అనే ఒకే మాట వాడారు, ఒకదానికి అంతం ఉంది ఇంకోదానికి లేదు అనాలంటే చాలా వివరణ ఇవ్వాల్సి వస్తుంది. ఆ వచనాన్ని దాచిపెట్టి వాదించేవాళ్లని నమ్మకండి.

కథోలికుల సంగతి కూడా తెలుసుకోండి. 1964లో రెండో వాటికన్ సభ, తమ తప్పు లేకుండా సువార్త తెలియక, నిజాయితీగా దేవుణ్ణి వెతుకుతూ మనస్సాక్షి ప్రకారం బతికినవాళ్లు రక్షణ పొందవచ్చు అని ప్రకటించింది. మీ అమ్మమ్మకి సువార్త అసలు తెలియదని అనలేం, ఇంట్లోనే విన్నది. కానీ చెవిన పడటం వేరు, మనసుకి పట్టడం వేరు. ఆ తేడా దేవుడికి తెలియకుండా ఉంటుందా?

తుంగభద్ర_గాలి:

నేను హిందువుని, మధ్యలో మాట్లాడినందుకు ఏమీ అనుకోకండి, తులసికోట అని చదివి ఆగలేకపోయాను. మా పురాణాల్లోనూ నరకాలున్నాయి, భాగవతం పంచమ స్కంధంలో ఇరవై ఎనిమిది చెప్తారు. కానీ శిక్ష అయిపోతే మళ్లీ జన్మ ఉంటుంది, అది అంతులేనిది కాదు. అందరూ అలా అన్నారనీ కాదు, మధ్వాచార్యులు కొందరు జీవులు ఎప్పటికీ అంధతమస్సు అనే చీకటి నరకంలోనే ఉంటారన్నారు. కాబట్టి ఈ బాధ మీ ఒక్కరిదే కాదు.

మీ రెండో ప్రశ్నకే నేను రాస్తున్నది. భారతం ఆఖర్న స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్తే అక్కడ దుర్యోధనుడు సింహాసనం మీద కనిపిస్తాడు, తమ్ముళ్లు కనిపించరు. వాళ్ల దగ్గరికే తీసుకెళ్లమంటాడు. దేవదూత కుళ్లు కంపు కొట్టే చీకటి దారిలో తీసుకుపోతాడు. ధర్మరాజు తట్టుకోలేక వెనక్కి తిరగబోతే, కాసేపు ఉండండి, మీ మీదుగా వచ్చే గాలికి మా బాధ తగ్గుతోంది అని గొంతులు వినిపిస్తాయి. ఎవరు మీరంటే కర్ణుణ్ణి, భీముణ్ణి, అర్జునుణ్ణి, ద్రౌపదిని అని ఒక్కొక్కరే చెప్తారు. అప్పుడాయన దూతతో, నువ్వు వెళ్లి నీ వాళ్లతో చెప్పు, నేను ఇక్కడే ఉంటాను అంటాడు. అక్కడికి ఇంద్రుడూ ధర్ముడూ వస్తారు, ఆ నరకం మాయమైపోతుంది.

రామానుజుల కథ కూడా అందరికీ తెలిసిందే, మంత్రం బయటపెడితే నరకానికి పోతావని గురువు చెప్పినా తిరుక్కోట్టియూర్ గోపురం ఎక్కి అందరికీ వినిపించాడు. నేనొక్కణ్ణే కదా పోయేది, ఇంతమంది తరిస్తారు అన్నాడు. అమ్మమ్మ లేని స్వర్గం మీకు వద్దనిపించడం భక్తి తక్కువై కాదండీ.

మట్టి_చేతులు:

అందరూ నరకాన్ని ఎలా చల్లార్చాలా అని చూస్తున్నారు, నేను వేరే వైపు నుంచి చెప్పాలి. నేను దళిత క్రైస్తవుణ్ణి. 1991 ఆగస్టు 6న అప్పటి మన గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు, శవాల్ని గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసి అందరినీ వదిలేసింది. ఫలానావాళ్లు చేశారని నేను అనడం లేదు. ఎనిమిది మంది చచ్చిపోయారు, హైకోర్టు తీర్పు ప్రకారం చంపినవాళ్లు మాత్రం ఎవరూ లేరు, నేను చెప్పేది అంతే.

ఇలాంటి చోట కూర్చుని తీర్పు దినం అనే మాట వింటే భయం వెయ్యదు, ఊపిరి ఆడుతుంది. గోతంలో కట్టినవాడికీ కట్టించినవాడికీ ఒకే పందిట్లో విందు పెట్టి, జరిగిందేదో జరిగింది అనే దేవుణ్ణి నేను ప్రేమగలవాడు అనలేను. బిడ్డని చంపితే కోపం రాని తండ్రి ప్రేమ ఏం ప్రేమ? ఆ శిక్ష ఎంతకాలమో ఆయన ఇష్టం, నాకు అంతులేని మంటలే కావాలని లేదు. చేసినవాడు చేసింది ఒప్పుకోవాలి, ఆ ఎనిమిది మంది ముఖాలు చూడాలి. అక్కడ నిజంగా విరిగి ఏడిస్తే దేవుడు క్షమిస్తాడేమో, చనిపోయినవాళ్లూ క్షమిస్తారేమో, అది వాళ్ల హక్కు, నాది కాదు.

కాబట్టి అన్నా, నరకం లేదు అనుకుని ఊరట తెచ్చుకోవద్దు. మీ అమ్మమ్మ పక్షాన అడగండి. అడగాల్సిందే. కానీ అణచివేతకి సమాధానం చెప్పించే నరకం, పూజ చేసుకున్న ముసలమ్మని కాల్చడానికి పెట్టిన నరకం, ఈ రెండూ ఒకటని చెప్పేవాళ్లే ఆ మాటకి విలువ లేకుండా చేస్తున్నారు.

నిమ్మచెట్టు:

ఒక్కొక్కరికీ వందనాలు. మట్టి_చేతులు గారూ, మీ మాటలు చదివాక నరకమే వద్దు అనే ఆలోచన వదిలేశాను, నేను ఇప్పటిదాకా మా ఇంటి దుఃఖం వైపు నుంచే చూశాను. ధర్మరాజు కథ చదివినప్పుడు వెంటనే మోషే గుర్తొచ్చాడు. ఇశ్రాయేలు ప్రజలు బంగారు దూడని దేవుడిగా చేసుకుని పాపం చేసినప్పుడు, వీళ్లని క్షమించు, లేదా నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యి అంటాడు నిర్గమ 32లో. పౌలు కూడా రోమా 9 మొదట్లో తన సొంతవాళ్ల కోసం తనే క్రీస్తు నుంచి వేరై శాపగ్రస్తుడు కావడానికైనా సిద్ధం అన్నట్టు రాస్తాడు. ఆ ప్రేమని వాళ్లలో పెట్టింది దేవుడే అయితే ఆయనలో అంతకంటే తక్కువ ఉండదు కదా, సిలువ మీద ఆయన చేసింది అదే కదా. మా అమ్మమ్మ ఎక్కడుందో నాకు తెలీదు, ఆమె చేతుల్లో పెరిగిన నాకంటే ఆయనకి ఆమె మీద ప్రేమ తక్కువని మాత్రం ఇక నమ్మను.

రాత్రి ఈ రెండు భాగాలూ అమ్మకి చదివి వినిపించాను. మత్తయి 25 తనే మళ్లీ తీయించుకుంది. తర్వాత ఒక్కటి అడిగింది, అమ్మ కోసం ప్రార్థన చేసుకోవచ్చా అని. మా సంఘంలో చనిపోయినవాళ్ల కోసం చెయ్యకూడదంటారు. పాత_పలక గారూ, మీరేమంటారు?

పాత_పలక:

చాలా సంఘాల్లో వద్దంటారు, ప్రార్థనతో చచ్చినవాళ్ల తీర్పు మార్చేస్తామన్న భ్రమ, దాని పేరుతో డబ్బు గుంజడం ఒకప్పుడు ఎక్కువైపోయాయి కాబట్టి. మా లూథరన్ల సంగతి చెప్తాను, 1842లో హేయర్ దొరగారు గుంటూరు తెచ్చిన మిషను మాది. 1531లో లూథర్ సహచరుడు మెలాంక్తన్ మా విశ్వాస ప్రకటనని సమర్థిస్తూ రాసినదాంట్లో, మృతుల కోసం చేసే ప్రార్థనని మేము నిషేధించం అని స్పష్టంగా ఉంది. పూజలు కట్టించి పుణ్యం కొనడం వద్దన్నారు, అంతే.

అమ్మని చేసుకోమను. మా అమ్మని నీకు అప్పగిస్తున్నాను ప్రభువా అంటే చాలు. ఇంకో మాట, వచ్చే ఏడాది సంవత్సరీకానికి మావయ్య వాళ్లింటికి ముందురోజే వెళ్లి వంటలో చెయ్యి వెయ్యమను. పిండాలు పెట్టకముందు వండిన అన్నం అన్నాచెల్లెళ్లు కలిసి తినొచ్చు, దాని గురించి మీ పాస్టర్ గారు ఏమన్నా అంటే నా దగ్గరికి తీసుకురా, నేను మాట్లాడతాను.