కోతి పెద్దపేగు మీద బుడిపెలు: టీబీనా, పురుగా?

ప్రశ్న (ఉదయగిరి)
అటవీశాఖ వాళ్ళు పోస్టుమార్టానికి తెచ్చిన మగకోతి. పెద్దపేగు బయటివైపు 3 నుంచి 6 మిల్లీమీటర్ల నల్లటి బుడిపెలు, కోస్తే లోపల పసుప్పచ్చ ముద్ద. రెండుచోట్ల పేగు పొట్టగోడకు అతుక్కుపోయింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. టీబీ అనుకోవాలా? శాంపిల్ ఎలా పంపాలి సార్?

జవాబు (నెల్లూరు)
ఎక్కువ అనుమానం ఈసోఫాగోస్టోమమ్ అనే పేగు పురుగు మీదే, డాక్టర్ గారూ. మట్టితో, ఆకులతో కడుపులోకి పోయిన లార్వా (పురుగు పిల్ల) పెద్దపేగు గోడలోకి దూరుతుంది. దాని చుట్టూ శరీరం గూడు కడుతుంది. అక్కడ కుబుసం విడిచి మళ్ళీ పేగులోకి వస్తేనే పెద్ద పురుగవుతుంది. రాలేనివి లోపలే చచ్చి ముద్దగా మారతాయి, కొన్ని సున్నంలా గట్టిపడతాయి. ముందే ఈ పురుగు సోకిన కోతికి మళ్ళీ సోకితే శరీరం ఇంకా గట్టిగా ఎదిరిస్తుంది, బుడిపెలు పెరుగుతాయి. బుడిపె పగిలితే పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొర వాపు, వస్తుంది. ఆ అతుకులు అందుకే అయుండొచ్చు.
అయినా టీబీని పక్కన పెట్టొద్దు. ఊపిరితిత్తుల మొదట్లోని లింఫ్ గ్రంథులు, కాలేయం, ప్లీహం కోసి చూడండి. ఎన్95 మాస్కు, రెండు జతల గ్లౌజులు తప్పనిసరి.

జవాబు (కనిగిరి)
ముందు ఒక తాజా బుడిపెను స్లైడు మీద సెలైన్ చుక్కలో చిదిమి మైక్రోస్కోపు కింద చూడండి. లార్వా కదిలితే సగం పని అయినట్టే. కనబడకపోతే పురుగు లేదని కాదు, పాతవాటిలో ముక్కలే మిగులుతాయి.
తర్వాత చుట్టూ కాస్త మంచి పేగుతో సహా 5 మిల్లీమీటర్ల మందాన ముక్కలు కోసి, వాటికి పది రెట్లు ఉండేలా 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో (ముక్కలు చెడకుండా ఉంచే ద్రవం) వేయండి. చాలామంది అన్నీ ఫార్మాలిన్‌లోనే ముంచేస్తారు, అందులో క్రిములు చచ్చిపోతాయి, ఇక టీబీ కల్చర్‌కు (క్రిమిని ల్యాబులో పెంచి చూడ్డానికి) దారుండదు. రెండు బుడిపెలు, ఒక లింఫ్ గ్రంథి శుభ్రమైన సీసాలో ఐస్ మీద వేరుగా పంపండి. ఫార్మాలిన్ ముక్కల్ని మాత్రం గడ్డకట్టించొద్దు.
పేడ పరీక్షలో గుడ్డు దొరికినా పేరు తేలదు, కొంకిపురుగు గుడ్డూ అలాగే ఉంటుంది. పేడను కల్చర్ చేసి, గుడ్డులోంచి వచ్చిన లార్వాను చూడాల్సిందే.

ప్రశ్న (ఉదయగిరి)
మిగతా గుంపుకు మందు అరటిపండ్లలో పెట్టొచ్చా?

జవాబు (నెల్లూరు)
పెట్టొద్దు. పెద్ద మగకోతే అన్నీ లాక్కుంటుంది, పిల్లలకు దక్కదు. పట్టిన కోతికైతే ఐవర్‌మెక్టిన్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు. 5 కిలోల కోతికి 1 శాతం ఇంజెక్షన్ 0.1 మిల్లీలీటరే, ఇన్సులిన్ సిరంజితో చర్మం కింద ఇవ్వండి. లేదా ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడురోజులు నోటితో. గూట్లో ఉన్న లార్వాకు మందు సరిగా అందదు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్ళీ ఇవ్వాలి. ఏర్పడిన బుడిపెలు మాత్రం మందుతో కరగవు.
అసలు చిక్కు మేత దగ్గరుంది. గుడి మెట్ల దగ్గర రోజూ ఒకేచోట తిండి వేస్తే పేడా అక్కడే పడుతుంది. తడి నేలలో వారం రోజులకే లార్వా సోకడానికి సిద్ధమవుతుంది. మనకు అక్టోబరు, నవంబరు వానల్లో నేల ఆరదు, కనీసం ఆ రెండు నెలలైనా నేలమీద తిండి వేయనివ్వకండి.