రక్షిత గ్రామకేంద్రంలో ఇల్లు: చారిత్రక విలువ పేరిట అధిక అద్దె చెల్లించడం సమంజసమేనా?

పడమటిగాలి:
అందరికీ నమస్కారం. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన ఉన్న బ్రూక్ ఇన్ వాటర్‌లాండ్ గ్రామంలో, చర్చికి దగ్గరగా, ఒక పాత చెక్క ఇల్లు అద్దెకు చూశాము. లేత బూడిదరంగు వేసిన పలకల గోడలు, ముందు ఇటుకలు పరచిన సన్నటి వీధి, వెనుక కాలువ. వైశాల్యం 78 చదరపు మీటర్లు, అద్దె నెలకు 1,550 యూరోలు, గ్యాసు, కరెంటు, నీళ్ళ ఖర్చులు మావే. ఈ ఇల్లు జాతీయ స్మారక కట్టడమనీ, అందువల్ల మామూలు అద్దె పరిమితి మీద 35 శాతం అదనంగా తీసుకునే హక్కు చట్టమే తనకు ఇచ్చిందనీ యజమాని చెబుతున్నాడు. ఇంచుమించు ఇదే అద్దెకు, ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకొని ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్ పట్టణంలో లిఫ్టు ఉన్న కొత్త అపార్ట్‌మెంటు కూడా దొరుకుతోంది. మా ఆవిడకు బ్రూక్ నచ్చింది, నాకు లెక్క నచ్చలేదు. ఒక కట్టడానికి చరిత్ర ఉన్నందుకు అందులో అద్దెకుండేవాడు అదనంగా చెల్లించడం న్యాయమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మెట్టదారి:
పడమటిగాలి గారూ, నేను డె రైప్ గ్రామంలో, 1630 నాటి పాత పురపాలక భవనానికి నాలుగడుగుల దూరంలో, చాలాకాలంగా అద్దెకుంటున్నాను కనుక ఊహించి రాయడం లేదు. వాటర్‌లాండ్‌ది పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కల పొరలు పేరుకొని ఏర్పడిన మెత్తటి తడి నేల; ఇటుక గోడల బరువును మోయలేదు కాబట్టే అక్కడివారు ఇళ్ళను చెక్కతో కట్టుకున్నారు. గాలివాన కొట్టే వైపు కొన్నేళ్ళకొకసారి రంగు వేయించకపోతే పలకలు అడుగు నుంచి పుచ్చిపోవడం మొదలవుతుంది. స్మారక కట్టడమైతే కిటికీ అద్దం మార్చడానికి కూడా మునిసిపాలిటీ అనుమతి తీసుకోవలసి వస్తుంది. మామూలు డబుల్ గ్లాసు ఆ పాత చట్రాల్లో పట్టదు, సన్నటి ప్రత్యేకమైన అద్దం చేయించాలి, ఆ పని తెలిసిన వడ్రంగి దొరకడం గగనం. ఈ భారమంతా యజమాని మోస్తున్నప్పుడు, ఆ వీధినీ ఆ నిశ్శబ్దాన్నీ రోజూ అనుభవించేవాడు కొంత పంచుకోవడంలో అన్యాయం ఏముందో నాకు బోధపడదు. లిఫ్టు కావలసినవారు ఆమ్‌స్టెల్‌వేన్ వెళ్ళవచ్చు.

వెన్నెలవాకిలి:
బ్రూక్‌లో కారు ఎక్కడ పెట్టుకుంటారో ముందు అది కనుక్కోండి.

లెక్కలమనిషి:
మెట్టదారి గారు రంగు గురించి, వడ్రంగి గురించి రాశారు. ప్రశ్న మాత్రం అద్దె గురించి. ఈ దేశంలో అద్దె యజమాని ఖర్చును బట్టి కాదు, పాయింట్లను బట్టి నిర్ణయమవుతుంది: గదుల వైశాల్యం, వంటగది, స్నానాలగది, ఇంధన లేబుల్, ప్రభుత్వం లెక్కగట్టిన ఇంటి విలువ, అన్నిటికీ పాయింట్లున్నాయి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన అందుబాటు అద్దె చట్టం ప్రకారం 186 పాయింట్ల వరకు గరిష్ఠ అద్దె ఇంతకు మించకూడదనే పరిమితి ఉంది. 2025లో 186 పాయింట్ల ఇంటికి ఆ పరిమితి 1,184.82 యూరోలు. జాతీయ స్మారక కట్టడమైతే దాని మీద 35 శాతం, అంటే సుమారు 1,599 యూరోల వరకు అడగవచ్చు. మీ యజమాని 1,550 అనే అంకెను ఎక్కడి నుంచి తెచ్చాడో ఇప్పుడు అర్థమైందా? స్థానిక లేదా ప్రాంతీయ స్మారక కట్టడమైతే 15 శాతమే. స్మారక కట్టడం కాకుండా, 1965కు ముందు కట్టి, రక్షిత గ్రామప్రాంతంలో, అంటే పాత రూపాన్ని చట్టం కాపాడే ప్రాంతంలో, ఉన్న ఇల్లయితే 5 శాతం మాత్రమే, అంటే ఎంత లాగినా సుమారు 1,244 యూరోలు. బ్రూక్ పాతభాగం రక్షిత ప్రాంతమే. కానీ రక్షిత ప్రాంతంలో ఉన్న ప్రతి ఇల్లూ స్మారక కట్టడం కాదు. జాతీయ స్మారక కట్టడాల పట్టికను ప్రభుత్వ వారసత్వ శాఖ ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి ఉంచింది. ఇంటి చిరునామా కొట్టి చూడండి. 2025 జనవరి 1 నుంచి ఒప్పందంతో పాటు పాయింట్ల లెక్క కాగితం ఇవ్వడం యజమాని విధి, దాన్ని అడిగి తీసుకోండి. ఒకవేళ ఇల్లు 186 పాయింట్లు దాటితే పరిమితే వర్తించదు, అది కూడా ఆ కాగితంలోనే తేలుతుంది.

మెట్టదారి గారిని ఒక్కటి అడుగుతున్నాను: మీ ఒప్పందం ఏ సంవత్సరానిది?

గోదారిగట్టు:
నేను ఐండ్‌హోవెన్ దగ్గర ఒక పాత గ్రామకేంద్రంలో ఉండి వచ్చినదాన్ని, కాబట్టి అందం గురించి ఎవరూ నాకు పాఠాలు చెప్పనక్కరలేదు. వంటింట్లో చిమ్నీ లేదు. ఉన్న ఒక్క కిటికీ మీద ఎన్ని పొరల రంగు వేశారో, రెక్క చట్రానికి అతుక్కుపోయి కదిలేది కాదు. చలికాలం వచ్చేసరికి ఉత్తరపు గోడకు మోకాలి ఎత్తువరకు చెమ్మ ఎక్కి, అల్మరా వెనుక నల్లటి బూజు పట్టింది. నేను ఫొటోలతో రాస్తే, మీరు రోజూ నూనె కాచి వండడం వల్లే ఇలా అయిందని యజమాని జవాబిచ్చాడు. పోపు వేస్తే గోడ అడుగున చెమ్మ ఎక్కుతుందని నేను అక్కడే మొదటిసారి విన్నాను. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆయన స్టూలు ఎక్కి, పైకప్పు దూలాన్ని చూపుడువేలితో రాసి, ఆ వేలిని వాసన చూసి, నా ముఖం ముందు పెట్టాడు. నాలుగు వందల ఏళ్ళ ఓక్ దూలమట. దానిని శుభ్రం చేయించే ఖర్చు కింద డిపాజిట్ మొత్తం పట్టుకున్నాడు. 35 శాతమా 5 శాతమా అన్నది తరువాత. ఆ ఇళ్ళలో మన వంట చేసుకునే వీలు ఉందా అన్నది ముందు చూడండి.

మెట్టదారి:
గోదారిగట్టు గారికి జరిగినది అన్యాయమే. కానీ అది ఒక యజమాని దుర్మార్గమే తప్ప పాత ఇళ్ళ దోషం కాదు. నేను ఇన్నేళ్ళుగా అదే పోపు వేసుకుంటున్నాను, వెనుక తలుపు తీసిపెట్టుకుంటాను, ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పక్కవారితో మంచిగా ఉండడం, వీధివైపు కిటికీ దగ్గర రెండు మొక్కలు పెట్టడం, ఆదివారం డ్రిల్లింగ్ మెషీన్ పెట్టకపోవడం వంటి చిన్న విషయాలు పాటించినవారికి ఈ గ్రామాలు ఎంతో ఆదరణ చూపుతాయి. లెక్కలమనిషి గారు అద్దెను అంకెగానే చూస్తున్నారు. యజమానికి గిట్టుబాటు కాకపోతే అమ్మేస్తాడు, అప్పుడు ఆ ఇల్లు అద్దెకే ఉండదు. చట్టం వచ్చాక ఎందరో చిన్న యజమానులు అద్దెదారు వెళ్ళగానే ఇల్లు అమ్మేస్తున్నారన్నది ఇక్కడి పత్రికలు చదివే ప్రతివారికీ తెలిసినదే.

లెక్కలమనిషి:
అమ్మకాలకు చట్టం ఒక్కటే కారణమని రాయడం తప్పు. పెట్టుబడికి ఇల్లు కొనేవారి మీద బదిలీ పన్ను 2023 నుంచి 2025 దాకా 10.4 శాతం ఉండేది, వడ్డీ రేట్లు పెరిగాయి, పొదుపు ఆస్తుల మీద పన్ను విధానం మారింది. సంవత్సరం చెప్పలేదు మీరు.

పడమటిగాలి గారూ, మరొక ముఖ్యమైన విషయం. పాత ఇళ్ళలో అటక గది ఏటవాలు కప్పు కింద ఉంటుంది. 1.5 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న భాగం వైశాల్యం కిందికి రాదు. స్థిరమైన మెట్లు లేకుండా మడత నిచ్చెనతో ఎక్కవలసిన అటకైతే పాయింట్లు ఇంకా తగ్గుతాయి. ఆ 78 చదరపు మీటర్లలో అటక ఎంత, ఎక్కడి నుంచి కొలిచారు అన్నది తేలాలి.

కొబ్బరాకు:
ఇటువంటి ఇళ్ళను కాపాడడానికి 35 శాతమే దారి అన్నట్టు మాట్లాడుతున్నారు. 1918లో ఏర్పడిన హెండ్రిక్ డె కైజర్ సంఘం దేశమంతటా నాలుగు వందలకు పైగా చారిత్రక ఇళ్ళను సొంతం చేసుకొని, బాగుచేసి, అద్దెకు ఇస్తూనే నిలబెడుతోంది. వారి దగ్గర కూడా ఒకసారి చూడండి.

మెట్టదారి:
సంఘం దగ్గర ఇల్లు ఖాళీ కావడం ఎప్పటి మాట? ఈయనకు ఇల్లు ఇప్పుడు కావాలి. ఇక అటక కొలతల గురించి: ఇల్లు చూడడానికి వెళ్ళి జేబులోంచి టేపు తీసేవాడికి ఎవరూ తాళంచెవి ఇవ్వరు. ఇది లెక్కలమనిషి గారికి తెలియక కాదు.

లెక్కలమనిషి:
తాళంచెవి తీసుకున్న తరువాత కొలవవచ్చు. ఒప్పందం మొదలైన ఆరు నెలల లోపు అద్దె సంఘానికి, అంటే హ్యూర్‌కొమిస్సీకి, ప్రారంభపు అద్దెను పరీక్షించమని అర్జీ పెట్టుకోవచ్చు. అద్దెదారు కట్టవలసినది 25 యూరోలు. 2024 జూలై నుంచి గడువు లేని ఒప్పందాలే సాధారణ నియమం కనుక, అర్జీ పెట్టాడన్న కోపంతో యజమాని ఖాళీ చేయించలేడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగేందుకు ఒక కార్యాలయమే ఉంది. మూడోసారి అడుగుతున్నాను, మీ ఒప్పందం ఏ సంవత్సరానిది, అద్దె ఎంత?

మెట్టదారి:
2011. అద్దె 840 యూరోలు. ఇప్పుడు తృప్తిగా ఉందా?

మీరు ఇన్నిసార్లు అడిగారు కాబట్టి మిగతాది కూడా వినండి. మా యజమానికి ఇదే వీధిలో ఇంకొక ఇల్లు ఉంది. అది ఖాళీ అయినప్పుడు, మీవాళ్ళెవరైనా ఉన్నారా అని ఆయన నన్ను అడిగాడు. నేను హామీ ఉండి ఒక తెలుగు కుటుంబాన్ని చేర్పించాను. వాళ్ళు చేరిన నాలుగో నెలలో అద్దె సంఘానికి వెళ్ళారు, అద్దె తగ్గించుకున్నారు, రెండేళ్ళలో ఉద్యోగం మారి లండన్ వెళ్ళిపోయారు. యజమాని ఆ ఇల్లు అమ్మేశాడు. మా అక్కావాళ్ళు వస్తే ఆ ఇంట్లో ఉంచుదామని నేను ఎంతో ఆశపడ్డాను. ఇప్పుడు ఆయన నాతో వాన గురించి తప్ప ఇంకేమీ మాట్లాడడు. మీ అర్జీ ఖరీదు 25 యూరోలు కాదండీ. తరువాత వచ్చే పది తెలుగు కుటుంబాలకు మూసుకుపోయే తలుపు దాని ఖరీదు.

లెక్కలమనిషి:
ఇప్పటికి అసలు సంగతి బయటికి వచ్చింది. మీరు 840 కట్టి ఉంటున్న వీధిలో, పక్కింటివాళ్ళు చట్టానికి మించి కడుతూ నోరు మూసుకొని ఉండాలి, ఎందుకంటే మీ యజమాని మీతో నవ్వుతూ మాట్లాడాలి. ఆ కుటుంబానికి అద్దె తగ్గిందంటే అంతవరకు యజమాని అనుమతికి మించి తీసుకున్నాడని అర్థం. ఆ డబ్బు ఎవరి జేబులోది? మీరు హామీ ఉన్నది వాళ్ళు అద్దె సక్రమంగా కడతారని, ఇల్లు పాడుచేయరని. వాళ్ళు హక్కు అడగరని కూడా వాళ్ళ తరఫున మాట ఇచ్చేశారా?

గోదారిగట్టు:
మెట్టదారి గారి మాటలో ఒక బాధ ఉంది, కాదనను. కానీ నాకు ఒకటి చెప్పండి: నేను నోరెత్తకుండానే డిపాజిట్ వదులుకొని వచ్చాను కదా, నా తరువాత ఆ ఇంటిని ఆయన మనవాళ్ళకు ఇచ్చాడా? ప్రకటనలో వంట గురించి ఒక షరతు చేర్చాడు, అంతే.

మెట్టదారి:
అద్దె ఒక్కటే బంధం అనుకునేవారికి నేను చెప్పగలిగినది లేదు. మనం ఈ ఊళ్ళకు వచ్చినవాళ్ళం. మూడు వందల ఏళ్ళుగా నిలబడ్డ ఇంట్లోకి వచ్చి, మొదటి నెలలోనే యజమానిని సంఘం ముందు నిలబెట్టడం నాకు మర్యాదగా తోచదు, చట్టం ఒప్పుకున్నా సరే.

లెక్కలమనిషి:
నెలనెలా అద్దె కట్టి, పన్నులు కట్టి, మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకున్న మనిషిని చుట్టంగా చూడమని చెప్పడమే నాకు మర్యాదగా తోచదు.

వెన్నెలవాకిలి:
మీరిద్దరూ ఈయన ఇంటి గురించి మాట్లాడుతున్నారా, మీ ఇళ్ళ గురించా?

పడమటిగాలి:
అందరికీ ధన్యవాదాలు. చిరునామా కొట్టి చూశాను: ఆ ఇల్లు జాతీయ పట్టికలో లేదు, దాని ఎదురిల్లు ఉంది. మునిసిపాలిటీకి ఫోన్ చేసి అడిగితే స్థానిక స్మారకాల జాబితాలో కూడా లేదని, రక్షిత ప్రాంతం లోపల మాత్రం ఉందని చెప్పారు. అంటే 5 శాతమే. యజమాని పాయింట్ల కాగితం పంపాడు: మొత్తం 171, అందులో అటక గది 14 చదరపు మీటర్లు పూర్తిగా లెక్కలో ఉంది. నేను ఆ గదిలో మంచం పట్టే చోట మాత్రమే తల వంచకుండా నిలబడగలిగాను.

మర్యాదగా ఒక మెయిల్ రాసి 5 శాతం సంగతి ప్రస్తావించాను. ఇంకొక ఇద్దరు 1,550కి సిద్ధంగా ఉన్నారని, శుక్రవారం లోపు సంతకం చేస్తేనే ఇల్లు మాదని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది.

లెక్కలమనిషి:
సంతకం చేయండి, తాళంచెవి తీసుకోండి, టేపుతో కొలవండి, అర్జీ పెట్టండి. 171 పాయింట్లకు పరిమితి 186 పాయింట్ల పరిమితి కన్నా తక్కువే, కాబట్టి నెలకు 306 యూరోలకు పైగా మీవి. ఇటువంటి యజమాని మీద మునిసిపాలిటీ కూడా చర్య తీసుకోవచ్చు.

మెట్టదారి:
నిలబెట్టుకోను అని మనసులో అనుకొని ఒక కాగితం మీద సంతకం పెట్టవద్దు. అంతకన్నా ఆమ్‌స్టెల్‌వేన్ మేలు.

గోదారిగట్టు:
సంతకం చేసేటట్టయితే, సామాను దించకముందే ప్రతి గోడకూ, ప్రతి దూలానికీ, ముఖ్యంగా వంటింటి పైకప్పుకూ తేదీ పడేలా ఫొటోలు తీసి యజమానికే మెయిల్ చేయండి. డిపాజిట్ రెండు నెలల మూల అద్దెకు మించి ఇవ్వవద్దు, 2023 జూలై నుంచి అదే గరిష్ఠం. వంటింటి కిటికీ తెరుచుకుంటుందో లేదో చూశారా?

పడమటిగాలి:
తెరుచుకుంటుంది. అది యజమాని పెరటి వైపే తెరుచుకుంటుంది. ఆయన పక్క ఇంట్లోనే ఉంటాడు, రెండిళ్ళకూ కాలువ దాకా ఒకటే నడవ. అర్జీ పెట్టాక రోజూ ఆ నడవలో ఆయనకు ఎదురుపడేది తానే కానీ ఆఫీసుకు పోయే నేను కాదని మా ఆవిడ అంటోంది. 306 యూరోలు వదులుకోవడానికి తనకు అభ్యంతరం లేదట, 35 శాతం అని అబద్ధం చెప్పినవాడికి ఇవ్వడానికి మాత్రం అభ్యంతరమట. శుక్రవారం మధ్యాహ్నం వరకు సమయం ఉంది, ఆమ్‌స్టెల్‌వేన్ వాళ్ళకు కూడా ఇంకా కాదని చెప్పలేదు.